కొలాబా అద్దాలు, చంద్రపూర్ డాబాలు

1878లో బొంబాయి మిడిల్ కొలాబాలోని ఒక ఇంటి ఆవరణలో రెండున్నర హార్స్ పవర్ ఆవిరి యంత్రమొకటి పక్షం రోజుల పాటు పగటిపూట నీళ్లు తోడింది. దాని కింద కట్టె మండలేదు, బొగ్గు మండలేదు. బాయిలరును కాచింది ఎండ. ఆ యంత్రం కట్టిన విలియం ఆడమ్స్ ఇంజినీరు కూడా కాదు, బొంబాయి హైకోర్టులో డిప్యూటీ రిజిస్ట్రారు. పగలంతా దావా కాగితాల మధ్య గడిపే మనిషి తీరిక వేళల్లో అద్దాలు బిగించుకుంటూ మన దేశపు తొలి సౌర యంత్రాల్లో ఒకటి నిలబెట్టాడన్న సంగతి తెలిసినప్పుడు కలిగిన సంతోషమే ఈ వ్యాసానికి కారణం.

ఆడమ్స్ మొదట పట్టించుకున్నది వంట సంగతి. జనవరి నెలలో, అంటే బొంబాయిలో ఎండ కాస్త మెత్తబడే రోజుల్లో, ఏడుగురు సిపాయిలకు సరిపడా భోజనం తన సౌర పొయ్యి మీద రెండు గంటల్లో వండించాడు. ఫ్రాన్సులో అగస్టిన్ మూషో అప్పటికే వెండిపూత రేకులతో ఎండను ఒకచోటికి మళ్లిస్తున్నాడు. ఆ రేకులు ఖరీదైనవి, పైగా త్వరగా మసకబారతాయి. ఆడమ్స్ వాటిని పక్కనపెట్టి మామూలు గాజు అద్దాలు తీసుకున్నాడు. ఒకదాని పక్కన ఒకటి బిగిస్తూ 72 దాకా చేర్చాడు. బాయిలరు ఉన్నచోటే ఉంటుంది. పొద్దు కదిలే కొద్దీ ఒక మనిషి అద్దాల చట్రాన్ని అర్ధవలయపు దారిలో నెడుతూ పోతాడు, అంతే. నేడు ఎడారుల్లో వేల అద్దాలు చుట్టూ పేర్చి నడుమ గోపురం నిలిపే విద్యుత్ కేంద్రాలు పనిచేసేది ఈ పద్ధతిలోనే.

వేడిదేశాల్లో వంటచెరుకుకు బదులు ఎండను వాడుకోవచ్చని వాదిస్తూ అదే ఏడు బొంబాయిలో పుస్తకం అచ్చువేశాడు. దానికి సాసూన్ ఇన్‌స్టిట్యూట్ బంగారు పతకం ఇచ్చింది. ఆ తర్వాత ఆ మాట ఎత్తినవాళ్లు లేరు. ఆ ఏడే పారిస్ ప్రదర్శనలో ఎండతో ఐసుగడ్డ తయారుచేసి అందర్నీ ఆశ్చర్యపరిచిన మూషోకు కూడా చివరికి ఇదే గతి పట్టింది. బొగ్గు చవకగా దొరుకుతున్నప్పుడు ఎండతో పనేమిటని అతని ప్రభుత్వం అనుకుంది.

బొగ్గు అనగానే మహారాష్ట్రలోని చంద్రపూర్ సంగతి చెప్పుకోవాలి. అప్పట్లో చాందా అని పిలిచే ఈ జిల్లాలో 1871లో వరోరా గని తవ్వకం మొదలైంది. అదే ఏడు భూవిజ్ఞాన సర్వే ఉద్యోగి డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గును గుర్తించాడు. సింగరేణి కథ అక్కడి నుంచే మొదలైంది. వార్ధా, ప్రాణహిత, గోదావరి లోయల వెంట సాగే ఈ బొగ్గుపట్టీ ఒక్కటే. రాష్ట్రాల సరిహద్దులు దాని మీద తర్వాత గీసుకున్నవి. ఇప్పుడు చంద్రపూర్ జిల్లాలో ఉన్న రాజురా తాలూకా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. గనుల కోసం, పేపరు మిల్లు కోసం వచ్చి బల్లార్‌పూర్‌లో, చంద్రపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో. అద్దాలతో నీళ్లు తోడించిన మనిషి ఒక చివర, భూమిలోంచి నల్లరాయి తీస్తున్న కూలీలు మరో చివర. ఆ పదేళ్లలో ఈ దేశం ముందు రెండు దారులూ తెరిచే ఉన్నాయి. మనం రెండోదాంట్లో నడిచాం.

1880ల మీద నాకున్న మమకారం దాచుకోలేను. ఆ దశాబ్దంలో ఎండా గాలీ రెండూ ఒకేసారి ఇంటి గడప తొక్కాయి. 1883లో చార్లెస్ ఫ్రిట్స్ అనే అమెరికన్ సెలీనియం పొర మీద పల్చటి బంగారు పూత వేసి తొలి సౌర ఫలకం చేశాడు. మరుసటి ఏడు న్యూయార్క్‌లో ఒక ఇంటికప్పు మీద అలాంటివి అమర్చాడు. పడిన ఎండలో నూటికి ఒక వంతు కూడా కరెంటుగా మారలేదు. అయినా అతను పంపిన ఫలకాన్ని చూసి, విజ్ఞానశాస్త్రానికి ఇది ఎంతో ముఖ్యమైనదని వెర్నర్ సీమెన్స్ గుర్తించాడు.

గాలి వైపు కథ ఇంకా ముచ్చటైనది. 1887 జులైలో స్కాట్లాండ్‌లోని మేరీకర్క్ అనే పల్లెలో ప్రొఫెసర్ జేమ్స్ బ్లైత్ తన సెలవు కుటీరం తోటలో గుడ్డ తెరచాపలున్న గాలిమర నిలబెట్టాడు. అది బ్యాటరీలు నింపింది, అవి ఇంట్లో దీపాలు వెలిగించాయి. లోకంలో గాలి కరెంటుతో వెలిగిన మొదటి ఇల్లు అదే. మిగిలిన కరెంటుతో ఊరి ప్రధాన వీధిలో దీపాలు పెడతానని బ్లైత్ అడిగాడు. అది సైతాను పని, మాకొద్దన్నారు ఊరివాళ్లు. ఆ తర్వాత మాంట్రోజ్‌లోని మానసిక రోగుల ఆసుపత్రి అతని గాలిమరను పెట్టించుకుని ఏళ్ల తరబడి వాడుకుంది.

1888 చలికాలంలో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో చార్లెస్ బ్రష్ తన భవనం వెనక 144 రెక్కల చక్రాన్ని నిలబెట్టాడు. వ్యాసం 56 అడుగులు, శక్తి 12 కిలోవాట్లు. నేలమాళిగ నిండా బ్యాటరీలు. అది 20 ఏళ్లు పనిచేసింది. కానీ నా మనసు దోచినవాడు డెన్మార్క్‌లోని ఆస్కోవ్ బడిపంతులు పౌల్ లా కూర్. 1891లో గాలిమర కట్టి, ఆ తర్వాత దాని కరెంటుతో నీటిని విడగొట్టి, వచ్చిన హైడ్రోజన్‌ను నిల్వచేసి, దాంతో బడిలో దీపాలు వెలిగించాడు. గాలి ఆగిన రాత్రి ఏం చేయాలన్న ప్రశ్నను అంత ముందుగా ఎదుర్కొన్నాడాయన. అంతకంటే పెద్ద పని, పల్లె కుర్రాళ్లకు కరెంటు పని నేర్పడం. ఆయన దగ్గర చదువుకున్న యోహానెస్ యూల్ 1957లో గెడ్సర్‌లో కట్టిన 200 కిలోవాట్ల యంత్రం నేటి మూడు రెక్కల గాలిమరలకు మూలం.

అంతకుముందు శతాబ్దాలను రెండు మాటల్లో దాటేయవచ్చు. పర్షియాలో గాలితో పిండి విసిరారు, ఐరోపాలో నీళ్లు తోడారు. తర్వాత అమెరికాలో 1920లు, 30లలో మోంటానాకు చెందిన జేకబ్స్ సోదరులు చేసిన 32 వోల్టుల గాలి యంత్రాలు పొలాల మధ్య ఇళ్లలో దీపాలనూ రేడియోలనూ నడిపించాయి. 1936లో గ్రామీణ విద్యుదీకరణ చట్టం వచ్చింది, తీగలు పల్లెలకు చేరాయి, గాలిమరలు ఆగిపోయాయి. తీగలు రావడం మంచిదే, వాటితో చీకటి పోయింది. కానీ వాటితో పాటు ఒక చదువు కూడా పోయింది. తన ఇంటికి ఎంత కరెంటు కావాలో, ఏ నెలలో ఎంత పుడుతుందో, బ్యాటరీ ఎందుకు పాడవుతుందో ఇంటి యజమానికి తెలిసిన రోజులవి. ఇప్పుడు మనకు తెలిసింది బిల్లు కట్టాల్సిన తేదీ ఒక్కటే. ఇది చిన్న నష్టమని నేను అనుకోను.

ఎండ కథ మళ్లీ కదిలింది 1954 ఏప్రిల్ 25న. ఆ రోజు బెల్ ల్యాబ్స్‌లో చాపిన్, ఫుల్లర్, పియర్సన్ సిలికాన్ సౌర ఘటాన్ని లోకానికి చూపారు. చాపిన్ మొదట వెతికింది తేమ ఎక్కువగా ఉండే వేడిదేశాల్లో టెలిఫోను బ్యాటరీలు పాడైపోవడానికి విరుగుడు. ఆ ఘటం ఎండలో నూటికి 6 వంతులు కరెంటుగా మార్చింది. కానీ ఒక ఇంటికి సరిపడా ఫలకాలకు 14 లక్షల డాలర్లు దాటుతుందని 1956లో చాపినే లెక్క తేల్చాడు. ఉపగ్రహాలు కట్టేవాళ్లు తప్ప కొనేవాళ్లు దాదాపు లేరు. అక్కడి నుంచి మన వీధి చివర దుకాణంలో దొరికేదాకా ధర దిగిందంటే, అది ఈ శతాబ్దపు గొప్ప విజయాల్లో ఒకటి.

మరి చంద్రపూర్‌లో ఇల్లో, చిన్న దుకాణమో ఉన్నవాళ్లు ఏది పెట్టించుకోవాలి? గాలిలోని శక్తి వేగానికి ఘనం లెక్కన పెరుగుతుంది. వేగం సగమైతే శక్తి ఎనిమిదో వంతుకు పడిపోతుంది. రెండు మీటర్ల వ్యాసమున్న చిన్న గాలిమరకు సెకనుకు 6 మీటర్ల గాలి తగిలితే సుమారు 125 వాట్లు వస్తాయి. అదే గాలి 3 మీటర్లకు తగ్గితే 15 వాట్లు, అంటే ఒక ఎల్‌ఈడీ బల్బు. మహారాష్ట్రలో మంచి గాలి పడమటి మెట్టల మీద ఉంది. సతారా జిల్లా వంకుసవడే, ధూలే జిల్లా బ్రాహ్మణ్‌వేల్ అందుకే పేరుపొందాయి. విదర్భ మైదానానికి ఆ భాగ్యం లేదు. పైగా గాలిమర చుట్టుపక్కల చెట్లకన్నా, మేడలకన్నా 30 అడుగులైనా పైన ఉండాలి. లేకపోతే సుడిగాలి తప్ప సరైన గాలి దొరకదు. డాబా మీద బిగిస్తే అదురు గోడల్లోకి దిగుతుంది. బేరింగులు అరుగుతాయి, రెక్కలకు మరమ్మతు కావాలి.

ఎండకు ఇక్కడ కొదవ లేదు. మే నెలలో 47, 48 డిగ్రీలు చూసే ఊరిది. ఒక కిలోవాటు ప్లేట్లు ఏడాది సగటున రోజుకు 4 యూనిట్ల దాకా ఇస్తాయి, 100 చదరపు అడుగుల నీడలేని చోటు చాలు. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్ల ఇంటికి 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. నెలకు 360 యూనిట్లంటే చాలా ఇళ్ల బిల్లు తీరినట్టే. పిండిమర, జిరాక్స్ దుకాణం, టైలరు షాపు, శీతల పానీయాల కొట్టు పగలే నడుస్తాయి కాబట్టి వాళ్లకు బ్యాటరీ అవసరం కూడా తక్కువ.

ఇబ్బందులూ చెప్పాలి. ప్లేటుకు వెలుగు కావాలి గానీ వేడి పడదు. 25 డిగ్రీల పైన ఒక్కో డిగ్రీకి నూటికి 0.4 వంతుల దాకా ఉత్పత్తి తగ్గుతుంది. నడివేసవిలో ప్లేటు 65 డిగ్రీలు చేరితే దాదాపు ఆరో వంతు పోతుంది. అందుకే కప్పుకు ఆనించకుండా కింద గాలి ఆడేలా ఎత్తులో బిగించాలి. ఇంకొకటి ఈ ఊరికి ప్రత్యేకం. ఊరి అంచునే 2,920 మెగావాట్ల థర్మల్ కేంద్రం, చుట్టూ గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయి. బూడిదా బొగ్గుపొడీ ప్లేట్ల మీద పేరుకుంటాయి. ఇక్కడ ప్లేట్లు కడగడం వాకిలి ఊడ్చినంత నియమంగా జరగాలి, అదీ చల్లటి పొద్దున, మెత్తటి గుడ్డతో.

కాబట్టి చంద్రపూర్‌కు ఎండే తగినది. అనంతపురం మెట్టల మీద పొలమున్న రైతు మాత్రం ఏడాది పాటు గాలి వేగం కొలిపించి అప్పుడు తేల్చుకోవాలి. యంత్రాన్ని ఎంచేది ఊరి వాతావరణం, అమ్మేవాడి మాట కాదు. సబ్సిడీ ప్లేటును ఇంటికి చేర్చగలదు గానీ దాన్ని పాతికేళ్లు నిలబెట్టలేదు. ఆ పని నేర్చిన మనుషులది. లా కూర్ తన పల్లె కుర్రాళ్లకు చెప్పిన చదువు చంద్రపూర్ ఐటీఐలోనూ, ఆదిలాబాద్, మంచిర్యాల ఐటీఐల్లోనూ కావాలి. వైరింగుతో పాటు నీడ లెక్క, వేడి లెక్క, వాడకం లెక్క నేర్పాలి. తరతరాలుగా బొగ్గు తవ్వి ఇతరుల ఇళ్లకు వెలుగు పంపిన జిల్లాలివి. తమ ఇంటి కరెంటు తామే పుట్టించుకునే విద్య ముందుగా ఇక్కడి పిల్లలకే అందాలి.