డార్విన్ తర్వాత ఆదాము

'ఆరిజిన్ ఆఫ్ స్పీషీస్' 1859 నవంబరు 24న విడుదలైంది. దానికి ఆరు రోజుల ముందే, డార్విన్ పంపిన ప్రతి చూసి మెచ్చుకుంటూ ఉత్తరం రాసినవాళ్లలో చార్లెస్ కింగ్స్‌లీ ఒకడు. ఆయన జీవశాస్త్రజ్ఞుడు కాడు. ఆంగ్లికన్ చర్చి పాదిరి, నవలాకారుడు. దేవుడు ఒక్కో జాతినీ విడిగా చేసి పెట్టాడనుకోవడం కంటే, కొత్త రూపాలు తామే తెచ్చుకోగల జీవులను చేశాడనుకోవడం ఏమీ తక్కువ గొప్ప భావన కాదని ఆయన అన్నాడు. డార్విన్‌కు ఆ మాట బాగా పనికొచ్చింది. 1860 జనవరిలో వచ్చిన రెండో కూర్పులో కింగ్స్‌లీ పేరు చెప్పకుండా దాన్ని చేర్చుకున్నాడు. ఆ కూర్పు చివరి వాక్యంలోకి సృష్టికర్త ప్రస్తావన కూడా వచ్చింది. అలా లోకాభిప్రాయానికి తలొగ్గి సృష్టి అనే బైబిలు మాట వాడానని మూడేళ్ల తర్వాత మిత్రుడు హూకర్‌కు రాసి నొచ్చుకున్నాడనేది వేరే సంగతి.

క్రైస్తవానికీ జీవపరిణామానికీ పుట్టుకతోనే వైరమని చెప్పే కథకు సాధారణంగా ఆక్స్‌ఫర్డ్ సభను సాక్ష్యం తెస్తారు. 1860 జూన్ 30న బిషప్పు విల్బర్‌ఫోర్స్, కోతితో మీ చుట్టరికం తాత వైపు నుంచా నాయనమ్మ వైపు నుంచా అని డార్విన్ పక్షాన వాదించిన జీవశాస్త్రజ్ఞుడు హక్స్‌లీని ఎద్దేవా చేశాడనీ, హక్స్‌లీ దిమ్మతిరిగే జవాబిచ్చాడనీ చెబుతారు. ఆ మాటలను అప్పటికప్పుడు ఎవరూ పూర్తిగా రాసిపెట్టలేదు. మనం చదివే నాటకమంతా ఎన్నో ఏళ్ల తర్వాత జ్ఞాపకాల్లోంచి అల్లింది. విల్బర్‌ఫోర్స్ అదే ఏడు రాసిన సమీక్షను చదివిన డార్విన్, తన వాదంలో ఊహ మీద నిలబడ్డ చోట్లన్నీ నేర్పుగా ఏరి పట్టుకున్నాడని ఒప్పుకున్నాడు. ఆ సభ మర్నాడు ఆదివారం అదే ఊళ్లో రగ్బీ స్కూలు హెడ్‌మాస్టరు ఫ్రెడరిక్ టెంపుల్ ప్రసంగించాడు. విజ్ఞానం వివరించలేని ఖాళీల్లో కాక, అది కనిపెట్టిన నియమాల్లోనే దేవుణ్ణి చూడమన్నాడు. ఆ టెంపులే 1896లో కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ అయ్యాడు. నాటకంలో ఈయనకు పాత్ర లేదు.

ఆరు రోజుల సృష్టి దగ్గరే తగువంతా వచ్చిందనుకోవడం రెండో పొరపాటు. ఆర్చ్‌బిషప్ అషర్ 1650లో లెక్కకట్టిన క్రీ.పూ. 4004 అనే సృష్టి సంవత్సరం ఇంగ్లిషు బైబిళ్ల అంచుల్లో అచ్చవుతూ వచ్చిన మాట నిజమే. కానీ దాన్ని కదిలించినవాళ్లలో పాదిరులు తక్కువేమీ కాదు. డార్విన్‌కు భూగర్భశాస్త్రం నేర్పిన ఆడమ్ సెడ్జ్‌విక్ పాదిరే. రాళ్లలో కనిపించే ఆనవాళ్లు నోవహు జలప్రళయానివేనన్న తన పాత అభిప్రాయాన్ని 1831లో జియలాజికల్ సొసైటీ అధ్యక్ష పీఠం నుంచే వెనక్కి తీసుకున్నాడు. స్కాట్లండ్ పాదిరి థామస్ చామర్స్ ఆదికాండం మొదటి రెండు వచనాల మధ్య ఎన్ని యుగాలైనా పట్టేంత విరామం చూపించాడు. హ్యూ మిల్లర్ ఒక్కో రోజునూ ఒక్కో భూగర్భ యుగంగా లెక్కవేశాడు. ఇంకా వెనక్కి వెళితే, ఐదో శతాబ్ది మొదట్లో సెయింట్ అగస్టీన్ ఆదికాండ వ్యాఖ్యానంలో అన్నీ ఒక్కసారే బీజరూపంలో సృష్టి అయి కాలక్రమాన విచ్చుకున్నాయని రాశాడు. ప్రకృతి గురించి తెలియని సంగతులను లేఖనం పేరుతో మాట్లాడి అన్యుల ముందు నవ్వులపాలు కావద్దని క్రైస్తవులను హెచ్చరించాడు కూడా.

రోజులను యుగాలతో జతచేసే ఈ పద్ధతి మనకు కొత్త కాదు. మత్స్యం, కూర్మం, వరాహం, నరసింహం అని వరస చెప్పి దశావతారాల్లో డార్విన్ ముందే ఉన్నాడనే వాదన తెలుగు సభల్లో ఎన్నిసార్లు వినలేదు? ఇలాంటి సర్దుబాటుతో విజ్ఞానానికి లాభం లేదు, పురాణానికీ గౌరవం లేదు. శిలాజాల వరస మారినప్పుడల్లా వ్యాఖ్యానమూ మారాల్సి వస్తుంది. మిల్లర్ లెక్కకు పట్టిన గతి అదే.

అసలు ముడి మొదట బయటపడింది అమెరికా వృక్షశాస్త్రజ్ఞుడు ఏసా గ్రే రాసిన వ్యాసాల దగ్గర. హార్వర్డ్ ఆచార్యుడు గ్రే నమ్మిక గల క్రైస్తవుడు, అమెరికాలో డార్విన్ తరఫున గట్టిగా నిలబడినవాడు. ప్రకృతివరణం దేవుడి సంకల్పానికి అడ్డు కాదని 1860లో 'అట్లాంటిక్ మంత్లీ'లో రాశాడు. డార్విన్ ఆ వ్యాసాలు 1861లో చిన్న పుస్తకంగా వచ్చేలా చూసి పదిమందికీ పంచాడు. అయినా గ్రేతో ఏకీభవించలేకపోయాడు. 1860 మేలో ఆయనకు రాసిన ఉత్తరంలో ఇక్‌న్యూమన్ జాతి కందిరీగను ప్రస్తావించాడు. అది గొంగళిపురుగు ఒంట్లో గుడ్లు పెడుతుంది. పిల్లలు దాన్ని బతికుండగానే లోపలి నుంచి తింటూ పెరుగుతాయి. దయామయుడైన దేవుడు కావాలని ఇలాంటి ఏర్పాటు చేశాడని నమ్మలేనన్నాడు. అప్పటికి తొమ్మిదేళ్ల కిందట, 1851లో, పదేళ్ల కూతురు యానీని పోగొట్టుకున్న తండ్రి ఆయన. నొప్పి గురించి డార్విన్ రాసినప్పుడు అది పురుగుల ముచ్చట మాత్రమే అనిపించదు.

జీవుల్లో పుట్టే చిన్న చిన్న తేడాలను దేవుడు మేలైన దారిలో నడిపిస్తున్నాడనుకుంటే సరిపోతుందని గ్రే సూచన. 1868లో పెంపుడు జంతువుల మీద రాసిన గ్రంథం చివర డార్విన్ దీనికి జవాబిచ్చాడు. కొండ చరియ కింద రాలిన రాళ్లను ఏరి ఒకడు ఇల్లు కడతాడు. ఆ రాళ్లు ఆయా ఆకారాల్లో పగలడానికి కారణాలున్నాయి, కానీ ఇతని ఇంటి కోసమని పగల్లేదు గదా అన్నాడు. గ్రే చివరిదాకా తన నమ్మకం వదల్లేదు, డార్విన్ తన సందేహం వదల్లేదు. ఇద్దరి స్నేహమూ చెడలేదు.

గ్రే మార్గాన్ని ప్రిన్స్‌టన్ దైవశాస్త్రజ్ఞుడు చార్లెస్ హాడ్జ్ ఒప్పుకోలేదు. సంకల్పం లేని వరణమంటే నాస్తికత్వమేనని 1874లో ఒక పుస్తకమే రాశాడు. చిత్రమేమంటే, అప్పటికే ప్రిన్స్‌టన్ కాలేజీ అధ్యక్షుడుగా ఉన్న జేమ్స్ మెకాష్ పరిణామాన్ని ఒప్పుకున్నవాడు. లేఖనంలో పొరపాటే ఉండదనే సిద్ధాంతానికి తిరుగులేని వాదిగా పేరుపడ్డ బి.బి. వార్‌ఫీల్డ్ కూడా పరిణామానికి తలుపు మూయలేదు. ఈ కాలంలో నాకు అన్నిటికన్నా లోతైనదిగా తోచేది ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన ఆబ్రీ మోర్ మాట. అప్పుడప్పుడు వచ్చి జోక్యం చేసుకునే దేవుడంటే మిగతా వేళల్లో లేని దేవుడనే కదా అని ఆయన వాదం. డార్విన్ శత్రువు వేషంలో వచ్చి మిత్రుడి పని చేశాడని 1889లో 'లక్స్ ముండీ' సంపుటిలో రాశాడు. మరుసటి ఏడే చనిపోయాడు.

ఇక్కడి నుంచి చరిత్రలో ఒక గీత స్పష్టంగా కనిపిస్తుంది. చేప, తొండ, గుర్రం ఎలా వచ్చాయన్నది ఎవరికీ పెద్ద పట్టింపు కాదు. మనిషి దగ్గరికి వచ్చేసరికి అందరూ ఆగిపోతారు. 1925లో టెనసీ రాష్ట్రం డేటన్ ఊళ్లో జాన్ స్కోప్స్ అనే ఉపాధ్యాయుడి మీద నడిచిన కేసునే తీసుకోండి. అతణ్ణి బోనెక్కించిన బట్లర్ చట్టం నిషేధించింది మనిషి దిగువ జంతువుల నుంచి వచ్చాడని బోధించడాన్ని. ప్రాసిక్యూషన్ వైపు నిలిచిన విలియం జెన్నింగ్స్ బ్రయన్ సాక్షిగా కూర్చుని, ఆదికాండపు రోజులు ఇరవైనాలుగు గంటలవే కానక్కర్లేదని స్కోప్స్ తరఫు న్యాయవాది డారో ముందు ఒప్పుకున్నాడు. ఆరువేల ఏళ్ల భూమి, జలప్రళయంలో ఏర్పడ్డ శిలాజాలు అనే వాదన అప్పటికి జార్జ్ మెక్‌క్రెడీ ప్రైస్ వంటి సెవెన్త్ డే అడ్వెంటిస్టుల దగ్గరే ఎక్కువగా ఉండేది. అది ఇతర ప్రొటెస్టెంట్లలోకి విస్తారంగా పాకింది 1961లో విట్‌కమ్, మారిస్ కలిసి రాసిన 'ది జెనెసిస్ ఫ్లడ్' తర్వాతే. ఈనాడు సనాతనమని చెప్పుకొనే ఈ మతం బ్రయన్ కంటే చిన్నది.

రోమన్ కాథలిక్కులూ ఆ గీత దగ్గరే ఆగారు. డార్విన్ పుస్తకాన్ని రోము నిషిద్ధ గ్రంథాల జాబితాలో ఎన్నడూ చేర్చలేదు. జాన్ జామ్ అనే అమెరికన్ ఫాదర్ 1896లో రాసిన 'ఎవల్యూషన్ అండ్ డాగ్మా' మీద మాత్రం రెండేళ్లకు నిషేధ నిర్ణయం జరిగింది, కానీ ప్రకటించకుండా ఆపారు. అన్నిటికంటే బాధాకరం జెస్యూట్ ఫాదర్, శిలాజ శాస్త్రజ్ఞుడు తెయ్యార్ ద షార్దాఁ కథ. విశ్వమంతా క్రీస్తు వైపు పరిణమిస్తోందన్న ఆయన కవితాత్మక దర్శనమే ఆయన్ను ఇబ్బందుల్లోకి నెట్టిందని చాలామంది అనుకుంటారు. మొదట ముంచింది 1920ల్లో జన్మపాపం మీద రాసిన చిన్న వ్యాసం. తొలి జంట, ఏదెను తోట, అక్కడి పతనం అనే చరిత్ర శిలాజాలతో పొసగదని, ఆ సిద్ధాంతాన్ని మరోలా చెప్పాలని అందులో ప్రయత్నించాడు. అది రోముకు చేరింది. ప్యారిస్‌లో బోధన పోయింది, చైనాయే దిక్కయింది. అక్కడ పెకింగ్ మానవుడి ఎముకలు దొరికిన ఝౌకౌతియెన్ తవ్వకాల్లో పనిచేశాడు. ప్రధాన గ్రంథాలు అచ్చువేసుకునే అనుమతి బతికుండగా రానేలేదు. 1955 ఏప్రిల్ 10న, ఈస్టర్ ఆదివారం నాడు, న్యూయార్క్‌లో కన్నుమూశాక 'ది ఫెనామినన్ ఆఫ్ మ్యాన్' వెలువడింది. 1962లో వాటికన్ ఆయన రచనలపై హెచ్చరిక జారీచేసింది.

పన్నెండో పయస్ పోపు 1950లో 'హ్యుమాని జెనెరిస్' లేఖతో గీతను అధికారికంగా గీశాడు. మనిషి శరీరం అంతకుముందున్న జీవుల నుంచి వచ్చిందేమో పరిశోధించుకోవచ్చు, ఆత్మను మాత్రం నేరుగా దేవుడే సృష్టిస్తాడు. ఆదాము ఒక్కడు కాక అనేకులన్న అభిప్రాయం జన్మపాపంతో ఎలా పొసగుతుందో కనిపించడం లేదు గనుక అది ఎంచుకునే స్వేచ్ఛ లేదు. రెండో జాన్ పాల్ 1996లో పరిణామం కేవలం ఊహాసిద్ధాంతంగా మిగల్లేదని ఒప్పుకున్నప్పుడు పత్రికలు పెద్ద మలుపుగా రాశాయి. ఆత్మ విషయంలో ఆయన కూడా పయస్ గీసిన గీత దాటలేదు.

ఎందుకింత పట్టు? రోమీయులకు రాసిన పత్రిక ఐదో అధ్యాయంలో పౌలు ఆదామునూ క్రీస్తునూ ఎదురెదురుగా నిలబెట్టాడు. ఒకడి వల్ల పాపం, మరణం వచ్చాయి, ఒకడి వల్ల విమోచన వచ్చింది. మొదటి మనిషిని కథగా మారిస్తే రెండో మనిషి సిలువకు కారణమేమిటని అడుగుతారు. పైగా ఆదాము పుట్టకముందే కోట్ల ఏళ్లుగా మరణం ఉందని ప్రతి శిలాజమూ చెబుతోంది. ఇక్కడ మరమ్మతు కావాల్సింది వచనాల లెక్కకు కాదు, సిద్ధాంతానికి.

అందుకు కొందరు అగస్టీన్‌ను దాటి రెండో శతాబ్దపు ఇరేనియస్ దగ్గరికి వెళ్లారు. ఆయన దృష్టిలో ఆదాము సంపూర్ణుడు కాదు, ఎదగాల్సిన పసివాడు. 1966లో జాన్ హిక్ దీన్ని విస్తరించి, లోకం పడిపోయిన స్వర్గం కాదు, మనుషులు పరిపక్వం కావడానికి తగినంత కఠినమైన చోటు అన్నాడు. జీవరసాయన శాస్త్రజ్ఞుడైన పాదిరి ఆర్థర్ పీకాక్, కాథలిక్కు జాన్ హాట్ మరో అడుగు వేశారు. దేవుడు తన శక్తిని తానే తగ్గించుకుని సృష్టికి స్వేచ్ఛ ఇచ్చాడు, దాని బాధలో తానూ పాలుపంచుకుంటాడు అన్నారు. సిలువను నమ్మేవారికి ఇది హృదయానికి హత్తుకునే మాట. గొంగళిపురుగుకు ఏ ఎదుగుదల, ఏ స్వేచ్ఛ దక్కిందో మాత్రం వీరి పుస్తకాల్లో నాకు దొరకలేదు.

జన్యుశాస్త్రం ముడిని ఇంకా బిగించింది. నేటి మనుషుల జన్యువైవిధ్యాన్ని బట్టి చూస్తే, మన పూర్వీకుల జనాభా ఏ దశలోనూ కొన్ని వేలకు తగ్గినట్టు లేదని లెక్కలు వచ్చాయి. మానవ జీనోమ్ ప్రాజెక్టు నడిపిన ఫ్రాన్సిస్ కాలిన్స్ 2006లో 'ది లాంగ్వేజ్ ఆఫ్ గాడ్' రాసి, మరుసటి ఏడు బయోలాగోస్ సంస్థ పెట్టాక సువార్తిక క్రైస్తవుల మధ్యే ఆదాము చర్చ రాజుకుంది. మిషిగన్‌లోని కాల్విన్ కాలేజీ ఆచార్యులిద్దరు 2010లో చారిత్రక ఆదామును ప్రశ్నిస్తూ వ్యాసాలు వేస్తే, దుమారం రేగి ఒకరు మరుసటి ఏడాది పదవి వదులుకున్నారు.

ఇటీవలి జవాబుల్లో తెలివైనది జీవశాస్త్రజ్ఞుడు జాషువా స్వామిదాస్‌ది. జన్యువులు అందడం వేరు, వంశవృక్షంలో ఉండడం వేరు అంటాడాయన. కొన్ని వేల ఏళ్ల కిందటి ఒక జంట నుంచి మనకు ఒక్క జన్యువూ అందకపోయినా, వాళ్లు లోకంలో అందరి వంశవృక్షంలోనూ ఉండగలరని 2019లో గణితంతో చూపించాడు. గణితం గట్టిదే. ఈ లెక్కలో ఏదెను తోట బయట పరిణామం ద్వారా వచ్చిన మనుషులు ఎందరో ఉంటారు. కయీనుకు భార్య ఎక్కడి నుంచి వచ్చిందని సండే స్కూల్లో పిల్లలు అడిగే ప్రశ్నకు అలా జవాబు దొరుకుతుంది. మరి వాళ్లకు పాపం ఉందా, దేవుడి పోలిక ఉందా అంటే వెంటనే పాత చరిత్ర ఎదురొస్తుంది. ఆదాముకు ముందే మనుషులున్నారని 1655లో రాసిన ఐజాక్ లా పెయ్రేర్ పుస్తకాన్ని ప్యారిస్‌లో తగలబెట్టారు. అతణ్ణి నిర్బంధించి, మాట వెనక్కి తీసుకునేలా చేశారు. 1880లో అమెరికా భూగర్భశాస్త్రజ్ఞుడు అలెగ్జాండర్ వించెల్ అదే ఊహను తిప్పి, నల్లజాతివారు ఆదాముకు ముందటి తక్కువరకం మనుషులని వాదించాడు. తోట బయటివాళ్లూ పూర్తి మనుషులేనని స్వామిదాస్ తన పుస్తకంలో పదేపదే చెప్పుకోవాల్సి వచ్చింది అందుకే.