అంబలి కుండ, మిసో పీపా

ఉగాది అనగానే మనకు వేపపూత జ్ఞప్తికి వచ్చును. పావగడ తాలూకా వెంకటమ్మనహళ్లి ప్రాంతమున పెరిగిన మాకు అంబలి కుండ కూడ జ్ఞప్తికి వచ్చును. తాలూకా కర్ణాటకములోనిది, చుట్టును చాలవరకు అనంతపురపు సీమ. ఊరి పేరు చివర 'హళ్లి' అని కన్నడము పలికినను, ఇంటిలో మాట తెలుగు, కంచములో రాగి సంగటి.

ఎండలు ముదిరినంతనే రాగిపిండిని రాత్రి నీటిలో కలిపి మూతపెట్టుదురు. తెల్లవారుసరికి అది పులియును. దానిని ఎసటిలో పోసి ఉడికించి, చల్లార్చి, మజ్జిగయు ఉప్పును కలిపి, ఉల్లిపాయ నంజుకొని త్రాగి పొలమునకు పోవుదురు. కోస్తావారి తరవాణి దీనికి అప్పచెల్లెలే. అది అన్నపు గంజితో పులియును. ఈ గింజనే ఉత్తరాంధ్రులు చోళ్లనియు, తెలంగాణమువారు తైదలనియు అందురు.

ఇది పేదల తిండి మాత్రమే అనుకొనరాదు. 16వ శతాబ్దమున శ్రీకృష్ణదేవరాయలు తన 'ఆముక్తమాల్యద'లో, విష్ణుచిత్తుడు వేసవిలో అతిథులకు పెట్టిన పదార్థములలో పలుచని అంబలిని చేర్చెను. ఆయుర్వేదము పులిసిన ధాన్యపు నీటిని కాంజికమని పేర్కొని, లోనికి పుచ్చుకొనిన జీర్ణకారి అనియు, పైన పూసిన ఒంటిమంటను తగ్గించుననియు చెప్పినది.

ఇట్టి కథయే తూర్పున సోయా గింజకును కలదు. చీనా వైద్యుడు జాంగ్ జోంగ్‌జింగ్ సుమారు 200వ సంవత్సరమున, జ్వరము తరువాత నిద్రపట్టక తల్లడిల్లు రోగికి పులిసిన సోయా గింజల కషాయము విధించెను. 6వ శతాబ్దపు చీనా వ్యవసాయ గ్రంథమొకటి సోయా ముద్దను పులియబెట్టు విధమును వివరించినది. జపానులో 701 నాటి శాసన సంహితయందే ఇట్టి ముద్దల ప్రస్తావన కలదు. అదే నేటి మిసో. బియ్యముపై గాని, బార్లీపై గాని 'కోజి' అను బూజును పెంచి, ఉడికిన సోయా గింజలతోను ఉప్పుతోను కలిపి, నెలల తరబడి పీపాలలో మాగబెట్టుదురు. ఒకాజాకి పట్టణపు హచ్చో మిసోలో ధాన్యము కలుపరు; సోయా గింజలపైననే కోజిని పెంచి, రెండేండ్లకు పైగా రాళ్ల బరువు క్రింద ఉంచుదురు. 2006లో జపాను మద్యపరిశోధక సంఘము కోజిని 'జాతీయ బూజు'గా ప్రకటించినది.

జపాను భాషలో 'మా ఇంటి మిసో' అను నుడికి అర్థము ఆత్మస్తుతి. ప్రతి ఇల్లాలును తన పీపాను పొగడుకొనెడిది కాబోలు! మనమో? పట్టణమునకు వచ్చిన క్రొత్తలో, చుట్టము గడపలో అడుగిడగానే అంబలి గిన్నెను లోపల దాచి కాఫీ ఇచ్చినవారమే. 'పెద్దల మాట చద్దన్నం మూట' అనుచునే ఆ మూటను విప్పుటకు సిగ్గుపడితిమి.

2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగా జరిపిన పిమ్మట రాగులకు మర్యాద వచ్చినది. పులియబెట్టుటవలన రాగులలోని ఇనుము ఒంటికి మరింతగా పట్టునని నేటి శాస్త్రము చెప్పుచున్నది. అంబలి గాని మిసో గాని వైద్యునికి మారు కాదు. మిసోలో ఉప్పు కూడ హెచ్చు. అయినను అవి తరముల అనుభవము.

రాగిపిండి అంగడిలో దొరకును. ఎంత నీరు, ఎన్ని గంటలు, ఏ వాసన వచ్చినపుడు మూత తీయవలెను అన్నది మాత్రము దొరకదు. అది మన అవ్వల చేతిలో ఉన్నది. ఈ ఉగాదికి ఊరికి పోయినవారు పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టి అవ్వను అడిగి వ్రాసికొందురు గాక. కుండ పగిలిన మరియొకటి కొనవచ్చును. ఆ ఎరుక పోయిన ఎక్కడ కొందుము?