నరకం ఎవరి భూమికి కావలి?

దేవుణ్ణీ నరకాన్నీ పూజారులు కల్పించి, ప్రజల్ని భయపెట్టి బ్రతికారన్న మాట మన సభల్లో తరచుగా వినబడుతుంది. ఈ మాటలో అబద్ధం లేదు గాని, చరిత్ర చదివేవాడికి దీనితో తృప్తి కలగదు. ఏ పూజారి, ఏ కాలంలో, ఎవరిని, ఏ వస్తువు కోసం భయపెట్టాడు? ఈ ప్రశ్న వెయ్యకుండా మతాన్ని మోసమని తేల్చెయ్యడం వల్ల ఉపన్యాసానికి చప్పట్లు వస్తాయేమో గాని, భౌతికవాద దృష్టి అలవడదు. వేల యేళ్లపాటు కోట్ల మంది నమ్మిన భావానికి సమాజంలో ఏదో పని ఉండి తీరాలి. ఆ పని ఏమిటో మన నేలమీద దొరికిన సాక్ష్యాలతో పరిశీలించాలని నా ప్రయత్నం.

ముందుగా ఒక సంగతి. మనిషి దేవుణ్ణి పూజించిన నాడే నరకం పుట్టలేదు. ఋగ్వేదంలో దేవతలకు కొదవ లేదు. స్తోత్రాలకూ హోమాలకూ కొదవ లేదు. కాని తరువాతి పురాణాల్లోని నరకం అందులో లేదు. పదో మండలంలోని యముడు శిక్షలు వేసే న్యాయాధికారి కాడు. మనుషుల్లో అందరికంటే ముందు చనిపోయి, వెనక వచ్చేవారికి దారి కనిపెట్టిపెట్టిన పెద్ద. పితరులు అతని దగ్గర సుఖంగానే ఉంటారు. శత్రువుల్ని చీకటి గోతిలోకి తొయ్యమని ఇంద్రుణ్ణీ సోముణ్ణీ వేడుకున్న సూక్తం లేకపోలేదు. అది పోట్లాటలో నోటివెంట వచ్చే శాపం లాంటిది. పాపపుణ్యాలు లెక్కగట్టే చిత్రగుప్తుడూ లేడు, పాపానికింతని నిర్ణయించిన శిక్షల పట్టికా లేదు. పశువుల మందలే ఆస్తిగా, తెగలు తెగలుగా బ్రతికిన జనానికి ఆ పట్టికతో పని పడలేదు.

మరి నరకం అనే మాట మొదట ఎక్కడ కనబడుతుంది? వేదవాఙ్మయంలో అది వచ్చే తొలి చోట్లలో అథర్వవేదం పన్నెండో కాండలోని నాలుగో సూక్తం ఒకటి. సూక్తం అంతా ఒక ఆవును గురించి. బ్రాహ్మణుడు వచ్చి ఆ ఆవును అడిగితే ఇచ్చినవాడికి యముడి రాజ్యంలో కోరికలన్నీ నెరవేరుతాయి. అడిగినా ఇవ్వకుండా కట్టేసుకున్నవాడికి నరక లోకమే గతి. అయిదో కాండలో మరొక సూక్తం, బ్రాహ్మణుడి మీద ఉమ్మినవాళ్లు నెత్తుటి ఏటి నడుమ కూర్చుని వెంట్రుకలు నములుతారని భయపెడుతుంది. హత్య కాదు, దొంగతనం కాదు. నరకానికి తొలినాళ్లలోనే అప్పగించిన పని దక్షిణ వసూలు! ఈ మాట నేను వెటకారానికి అనడం లేదు. మూలం చదివితే మరో విధంగా చెప్పడానికి వీలు లేదు.

ఆవు నుంచి భూమికి వద్దాం. మన చరిత్రకు ముఖ్యమైన ఘట్టం ఇదే. తెలుగు దేశంలో దొరికిన దానశాసనాల్ని చదివినవారికి వాటి తీరు తెలుసు. మొదట రాజవంశ ప్రశస్తి, తరువాత దానం పుచ్చుకున్నవాడి గోత్రం, విద్య, తరువాత ఊరి పొలిమేరలు, చివర శాపం. చాలామంది పండితులు ఆ చివరి భాగాన్ని, మామూలు శాపశ్లోకాలని ఒక్క ముక్కతో దాటేస్తారు. నా దృష్టిలో శాసనంలో పనిచేసే భాగం అదే. తానిచ్చినదైనా, మరొకడు ఇచ్చినదైనా, దానభూమిని అపహరించినవాడు అరవై వేల ఏళ్లు మలంలో పురుగై పుడతాడు. భూమి ఇచ్చినవాడు అరవై వేల ఏళ్లు స్వర్గంలో ఉంటాడు. దాన్ని లాగుకున్నవాడూ, లాగుకోవడానికి సరే అన్నవాడూ అంతకాలమే నరకంలో ఉంటారు. వ్యాసుడి పేర చెలామణి అయిన ఈ శ్లోకాలు వేంగీ చాళుక్యుల తామ్రపత్రాల్లో మళ్లీ మళ్లీ వస్తాయి. తెలుగు శాసనాలు ఇదే సంగతిని పంచమహాపాతకాలతోనూ, గంగ ఒడ్డున కవిల గోవుల్ని చంపిన పాపంతోనూ ముడిపెట్టి చెబుతాయి.

ఈ బెదిరింపు ఎవరికి? పొలం దున్నే రైతుకా? కాదు. అగ్రహారాన్ని లాక్కునే శక్తి రైతుకు లేదు. లాక్కోగలవాడు తరువాత వచ్చే రాజు, అతని దండనాయకుడు, అతని అధికారి. శ్లోకాలు వాళ్లనే ఉద్దేశించాయి. ఏ కాలంలో భూమి ఎవరిదైతే దాని ఫలం అప్పుడు వారిదేనని మరొక శ్లోకం ఆశ కూడా పెడుతుంది. అంటే, పాత రాజు చేసిన దానాన్ని నిలబెడితే పుణ్యంలో నీకూ వాటా ఉందని కొత్త రాజుకు కబురు.

ఎందుకీ ఏర్పాటు? వేంగీ చాళుక్య రాజ్యం 624 ప్రాంతంలో మొదలై పదకొండో శతాబ్దం దాకా సాగింది. ఆ నాలుగున్నర శతాబ్దాల్లో అన్నదమ్ముల కలహాలూ, రాష్ట్రకూటుల దండయాత్రలూ, చోళుల జోక్యమూ ఎన్నో. సింహాసనం మీద ఎవడుంటాడో తెలియదు. ఈనాటి రిజిస్ట్రేషను కచేరీ లేదు, రాజు మీద దావా వెయ్యడానికి న్యాయస్థానం లేదు. రాజే హామీదారు, ఆ రాజు పోతే హామీ పోయినట్టే. కత్తి చేరలేని చోట కాపలాకి ఒక భటుడు కావాలి. అరవై వేల ఏళ్ల నరకం ఆ భటుడు. రాజరాజ నరేంద్రుడు నారాయణభట్టుకు నందంపూడి అగ్రహారం ఇచ్చినప్పుడు శాసనం రచించినవాడు నన్నయభట్టు. భారతం తెలుగు చేసిన కవి చేతనే భూమి దస్తావేజు కూడా రాయించారన్నమాట. ఆ రోజుల్లో కవిత్వానికీ రెవెన్యూకీ మధ్య మనం ఊహించుకునేంత దూరం లేదు.

దీనితో పోల్చి చూడవలసింది ఎర్రగుడి బండ మీది అశోకుడి శాసనాలు. చిన్నవాడు కూడా ప్రయత్నిస్తే గొప్ప స్వర్గం పొందవచ్చునని అశోకుడు అంటాడు. స్వర్గం ఉంది గాని నరకం పేరెత్తడు. రజ్జుకులూ మహామాత్రులూ ఊరూరా తిరిగే రాజ్యానికి ఆ అవసరం తక్కువ కాబోలు. ఇది నా ఊహ. ఇంతకంటే మంచి కారణం ఎవరైనా చూపితే సంతోషిస్తాను.

రాజులు నిజంగా ఈ నరకానికి భయపడ్డారా? కొందరు భయపడి ఉండవచ్చు. కాని పాలకవర్గం తన ఆయుధం సంగతి తాను ఎరుగును. 1909లో శామశాస్త్రి ప్రకటించిన కౌటిల్యుడి అర్థశాస్త్రంలో, బొక్కసం ఖాళీ అయినప్పుడు రాజు చెయ్యవలసిన పనులు ఒక అధ్యాయం నిండా ఉన్నాయి. రాత్రికి రాత్రి ఒక దేవతను వెలయించి, జాతరలు జరిపించి డబ్బు పోగు చెయ్యాలి. చెట్టుమీద రాక్షసుడున్నాడని గూఢచారుల చేత పుకారు పుట్టించి, శాంతి పేరిట వసూలు చెయ్యాలి. బావిలో అనేక శిరస్సుల పామును చూపించి రుసుము పుచ్చుకోవాలి. నమ్మనివాడుంటే అతని ఆచమన జలంలో విషం కలిపి, దేవుడి శాపం తగిలిందని చెప్పాలి! హేతువాదికి ఆ రోజుల్లో దొరికిన సమాధానం ఇది. ఇక కాశ్మీర రాజు హర్షుడు, 1089 నుంచి 1101 వరకు ఏలినవాడు, డబ్బు కోసం దేవాలయ విగ్రహాల్ని పెకలించడానికి ఒక ప్రత్యేక అధికారినే నియమించాడని కల్హణుడు రాశాడు. అవసరం పడితే నరకం రాజును ఆపలేకపోయింది.

పైవాణ్ణి ఆపలేని ఈ భయం కిందివాణ్ణి మాత్రం గట్టిగా పట్టుకుంది. మనుస్మృతి చూడండి. బ్రాహ్మణుడి మీద కర్ర ఎత్తితే నూరేళ్లు నరకం, కొడితే వెయ్యేళ్లు. శూద్రుడికి ధర్మం బోధించినవాడు ఆ శూద్రుడితో కూడా అసంవృతమనే నరకంలో మునుగుతాడు. చదువు చెప్పినా నరకమే, చెప్పించుకున్నా నరకమే! ఉపాధ్యాయ మిత్రులు ఈ ఒక్క వాక్యం మీద విద్యార్థులతో గంటసేపు చర్చించవచ్చు. పైగా పాపానికి ప్రాయశ్చిత్తం ఉంది. దానికి గోదానం, భూదానం, సువర్ణదానం కావాలి. గోవూ భూమీ ఉన్నవాడికి నరకం నుంచి దారి ఉంది, లేనివాడికి లేదు. ఈ బేరం మన దేశానిదే కాదు. జర్మనీలో టెట్సెల్ పాప పరిహార పత్రాలు అమ్మిన సొమ్ములో సగం రోములో సెయింట్ పీటర్ చర్చి నిర్మాణానికి, సగం ఆర్చిబిషప్పు ఆల్బర్టు ఫుగ్గర్ బ్యాంకుకు ఉన్న బాకీకి పోయింది. 1517లో లూథర్ తిరగబడింది ఈ అమ్మకం మీదనే.

ఆరాధన సంగతి కూడా ఇందులోనే తేలుతుంది. మన భాషే సాక్ష్యం. కొలుచుట అంటే పూజించడం, సేవ చెయ్యడం కూడా. కొలువు అంటే రాజసభ, ఉద్యోగం. దేవుడు కూడా కొలువు తీరుతాడు. స్వామి, ప్రభువు, దేవర, ఈ మాటలన్నీ ఇద్దరికీ చెల్లుతాయి. గుళ్లో జరిగే మేలుకొలుపు, స్నానం, గొడుగు, వింజామర, పాట, ఆట, పవళింపు అన్నీ రాజు నగరులో జరిగినవే. శాస్త్రం వాటికి రాజోపచారాలనే పేరు పెట్టింది. యముడి వైపు చూస్తే భటులు, లేఖరి, చెరసాల. భూమిమీది రాజ్యాన్నే పైనా కిందా ప్రతిష్ఠించారు. ఈ సంగతి మన లోకాయతులు ఎప్పుడో కనిపెట్టారు. ముల్లు గుచ్చుకున్న బాధే నరకమనీ, లోకంలో కనబడే రాజే పరమేశ్వరుడనీ వారి మతమని, పద్నాలుగో శతాబ్దంలో వారిని ఖండించడానికి రాసిన మాధవాచార్యుడే మనకు తెలియజేశాడు.

ఇంతవరకు చెప్పి ఆపితే కథ సగమే అవుతుంది. నరకం పాలకులది మాత్రమే అయితే ప్రజలు ఇంత గట్టిగా పట్టుకునేవారు కాదు. భాగవతం అయిదో స్కంధంలో ఇరవై ఎనిమిది నరకాల వర్ణన ఉంది. వేదమార్గం విడిచిన పాషండుల కోసం కత్తుల వంటి ఆకుల అడవి అందులోదే. దానితో పాటే మరొక నరకం ఉంది. ఊళ్లను కొల్లగొట్టే దొంగలూ, ఇళ్లకు నిప్పు పెట్టేవాళ్లూ, వాళ్లతో సమానంగా రాజులూ రాజభటులూ అక్కడికి పోతారు. 720 కుక్కలు వాళ్లను పీక్కు తింటాయి. ఇంకొక నరకం మరీ ఆశ్చర్యం. నిరపరాధిని దండించిన రాజాధికారినీ, బ్రాహ్మణుడి ఒంటిమీద దెబ్బ వేసిన అధికారినీ ఒకే చోట చెరకు గడల్లా నలుపుతారు. పేదవాడి న్యాయమూ, అగ్రవర్ణాల హక్కూ ఒకే గానుగలో! మతానికి బలం ఈ కలగలుపులోనే ఉందని నేననుకుంటాను. పేదవాడు తన కోరికను అందులో చూసుకుని, దానితో కట్టివున్న సంకెలను కూడా మెడకు తగిలించుకున్నాడు. పీడితుడి నిట్టూర్పు అని మార్క్సు 1844లో మతాన్ని గురించి అన్న మాటను విడిచిపెట్టి, నల్లమందు ఒక్కటే పట్టుకుని తిరిగేవారు ఈ చోటనే తడబడతారు.

మన పల్లెల్లో ఉసురు అనే మాట ఒకటుంది. మా ఉసురు తగులుతుంది, వాడి పాపం పండుతుంది అని కూలీ తల్లి దొర గడీ వైపు చూసి అంటే, ఆమె గరుడ పురాణం వల్లిస్తున్నట్టు కాదు. వెట్టి చేయించుకున్నవాడి మీద ఫిర్యాదు చెయ్యడానికి ఠాణా లేదు. ఠాణా కూడా దొరదే. అందుకని దావాను యముడి దగ్గర దాఖలు చేస్తున్నది. ఆ దావా తరాల తరబడి వాయిదా పడింది. తెలంగాణా పల్లెల్లో సంఘం వచ్చాక జనం దాన్ని వెనక్కు తీసుకుని తామే విచారణకు పెట్టారు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య దేశముఖు మనుషుల తుపాకి గుండుకు బలి అయ్యాడు. ఆ పోరాటంలో ఉన్నవారిలో దేవుణ్ణి నమ్మినవారు తక్కువేమీ కాదు. వాళ్ల చేత నాస్తిక ప్రమాణం ఎవరూ చేయించలేదు. శిక్ష పరలోకంలో పడేదాకా ఆగనక్కర లేదని తెలిసింది, అంతే.

తామ్రపత్రాలు కాపలా కాసిన భూముల సంగతి చెప్పి ముగిస్తాను. ఇనాముల రద్దు చట్టం తెలంగాణాలో 1955లోనూ, ఆంధ్ర ప్రాంతంలో 1956లోనూ వచ్చింది. దానాన్ని రద్దు చేసినవాడూ, దానికి సరే అన్నవాడూ అరవై వేల ఏళ్లు నరకంలో ఉండాలన్న పాత లెక్క ప్రకారం శాసనసభ సభ్యులంతా ఇప్పటికి పురుగులై ఉండవలసింది. ఆ ప్రస్తావన ఎవరికీ అడ్డు రాలేదు. తహసీల్దార్లు విచారణ జరిపి పట్టాలిచ్చారు. కాని 1956 చట్టం చదివితే మరొక సంగతి కూడా కనబడుతుంది. చాలా చోట్ల ఇనాము భూమికి ఆ సంస్థ పేరనే, అంటే దేవుడి పేరనే, రైత్వారీ పట్టా వచ్చింది. శాపశ్లోకం చేసిన పనిని ఇప్పుడు అడంగలు చేస్తున్నది. ఆ మాన్యాన్ని దున్నేవాడు దేవాదాయ శాఖ వేలానికి వెళ్లి, తోటి రైతు మీద పాట పెంచి, కౌలుకు పాడుకుంటున్నాడు.