1965కి ముందు ఆడినవాళ్ళ లెక్క



ఈ ఆదివారం రాసేది మన ఊరి విషయం కాదు, ఆస్ట్రేలియా వాళ్ళ ఫుట్‌బాల్ గురించి. "ఈయన పోయిన నెలంతా మన తాతలు ఇక్కడికి ఎలా వచ్చారో రాసి, ఇప్పుడు ఆ దేశం ఆట ఎందుకు పట్టుకున్నాడు?" అని అనుకోకండి. చివర్లో మన సంఘానికి సంబంధించిన పని ఒకటి ఉంది. ఓపికగా చదవండి.

మా అక్క కొడుకు మెల్బోర్న్‌లో ఉంటున్నాడు. అక్కడ వాడి ఆఫీసులో అందరికీ ఫ్యాంటసీ ఫుట్‌బాల్ పిచ్చి. మన పిల్లలు ఐపీఎల్ రోజుల్లో ఫోన్లో టీమ్ కట్టుకుంటారే, అలాంటిదే. ఒక నెల వాళ్ళు మామూలు ఆట పక్కన పెట్టి "పాతకాలం రౌండ్" అని ఒకటి పెట్టుకున్నారు. ఇప్పటి ఆటగాళ్ళు వద్దు, పాతవాళ్ళలోంచే 22 మందిని ఎంచుకోవాలి. ఒక్కొక్కరి ఒక్కో మ్యాచ్ తీసుకుని, ఇప్పటి ఫ్యాంటసీ లెక్క ప్రకారం పాయింట్లు వేయాలి. ఒక మనిషి తక్కువయ్యాడని మావాడు నన్ను లాగాడు. "మామా, నువ్వు పాత పేపర్లు, రికార్డులు తిరగేసే మనిషివి కదా, ఈ పని నీదే" అన్నాడు. రిటైరైన వాడికి పని చెబితే కాదంటాడా? మూడు వారాలు కూర్చున్నాను.

ముందు ఆట సంగతి. ఇది మనం చూసే ఫుట్‌బాల్ కాదు. క్రికెట్ మైదానంలోనే ఆడతారు, ఒక్కో వైపు 18 మంది. బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. చేత్తో పట్టుకోవచ్చు, తన్నవచ్చు, పిడికిలితో కొట్టి పక్కవాడికి అందించవచ్చు. రెండు చివరలా నాలుగేసి స్తంభాలు. నడిమి రెండింటి మధ్య తన్నితే గోల్, 6 పాయింట్లు. పక్కనుంచి పోతే 1 పాయింటు, దాన్ని బిహైండ్ అంటారు.

ఈ ఆట పుట్టిందే క్రికెట్ వాళ్ళ కోసం. 1858 జూలైలో టామ్ విల్స్ అనే క్రికెటర్ మెల్బోర్న్ పత్రికకి ఉత్తరం రాశాడు. చలికాలంలో క్రికెటర్లు ఊరికే కూర్చుని ఒళ్ళు పాడుచేసుకోకుండా ఫుట్‌బాల్ క్లబ్బు ఒకటి పెట్టుకోవాలని దాని సారాంశం. ఆ ఆగస్టులోనే రెండు స్కూళ్ళ మధ్య, వైపుకి 40 మందితో, చెట్ల మధ్య పెద్ద మ్యాచ్ జరిగింది. మూడు శనివారాలు ఆడినా చెరో గోల్‌తో తేలకుండా పోయింది. మరుసటి ఏడు 1859 మేలో మెల్బోర్న్ క్లబ్బు వాళ్ళు నియమాలు కాగితం మీద పెట్టారు. ఆ స్కూళ్ళ మ్యాచ్ జరిగిన చోటు ఇప్పటి మెల్బోర్న్ క్రికెట్ గ్రౌండ్ పక్కనే. 1981లో కపిల్ దేవ్ 28 పరుగులకి 5 వికెట్లు తీసి ఆస్ట్రేలియాని 83కే పడగొట్టిన గ్రౌండ్ అంటే మన వయసు వాళ్ళకి వెంటనే గుర్తొస్తుంది. రేడియో చెవికి ఆనించుకుని విన్నాం కదా.

1897లో ఎనిమిది క్లబ్బులతో విక్టోరియా లీగ్ మొదలైంది. కార్ల్‌టన్, కాలింగ్‌వుడ్, ఎసెండన్, ఫిట్జ్‌రాయ్, జీలాంగ్, మెల్బోర్న్, సెయింట్ కిల్డా, సౌత్ మెల్బోర్న్. జీలాంగ్ ఒక్కటి వేరే ఊరు, మిగతావన్నీ మెల్బోర్న్ పేటలే. ఒక పేట, ఒక క్లబ్బు, ఒక గ్రౌండు. శనివారం మధ్యాహ్నం అన్ని మ్యాచ్‌లూ ఒకేసారి. ఆ పేటలో పుట్టినవాడు ఆ క్లబ్బువాడే, అందులో ఎంపిక అంటూ ఏమీ లేదు. 1925 నాటికి క్లబ్బులు పన్నెండయ్యాయి. తర్వాత అరవై ఏళ్ళకి పైగా అలాగే నడిచింది. పాతకాలం అని అక్కడి వాళ్ళు నిట్టూర్చేది ఆ రోజుల గురించే. 1990లో పేరు ఆస్ట్రేలియా లీగ్‌గా మారింది. 2003లో హెరిటేజ్ రౌండ్ అని పెట్టి, క్లబ్బులన్నీ ఆ వారం పాత జెర్సీలు వేసుకుని ఆడాయి. జనం బాగా ఇష్టపడ్డారు.

ఇక ఫ్యాంటసీ లెక్క. కిక్‌కి 3, హ్యాండ్‌బాల్‌కి 2, తన్నిన బంతిని గాల్లో పట్టుకుంటే 3, ఎదుటివాణ్ణి పట్టి ఆపితే 4, గోల్‌కి 6, బిహైండ్‌కి 1. కెప్టెన్‌గా పెట్టుకున్నవాడికి రెట్టింపు. ఇంత సులువా అనుకుని మొదలుపెట్టాను. రెండో రోజుకే గోడ అడ్డం వచ్చింది.

ఎవరు ఎన్ని గోల్స్ కొట్టారో 1897 నుంచీ ఉంది. కానీ కిక్‌లు, హ్యాండ్‌బాల్‌లు, పట్టిన బంతులు ఆటగాడి వారీగా దొరికేది 1965 నుంచే. ఎదుటివాణ్ణి పట్టి ఆపిన లెక్క 1987 నుంచి మాత్రమే. అంటే 1965కి ముందు ఆడినవాడికి నేను వేయగలిగింది గోల్స్ పాయింట్లే. గోల్ కాలితో తన్నితేనే వస్తుంది కాబట్టి, గోల్‌కి 6, ఆ కిక్‌కి 3, మొత్తం 9 వేయవచ్చని మావాళ్ళు ఒప్పుకున్నారు.

ఆ లెక్కన గోల్స్ కొట్టేవాళ్ళ పంట పండింది. 1947లో మెల్బోర్న్ క్లబ్బు ఆటగాడు ఫ్రెడ్ ఫానింగ్ సెయింట్ కిల్డా మీద ఒకే మ్యాచ్‌లో 18 గోల్స్ కొట్టాడు. ఆ రికార్డు ఇప్పటికీ అలాగే ఉంది. 162 పాయింట్లు, కెప్టెన్‌గా పెడితే 324. విచిత్రం ఏమిటంటే ఆ లీగ్‌లో అదే అతని ఆఖరి మ్యాచ్. హామిల్టన్ అనే చిన్న ఊరి క్లబ్బు మంచి జీతం ఇస్తామంటే వెళ్ళిపోయాడు. 1949లో ఎసెండన్ తరఫున జాన్ కోల్‌మన్ తన మొట్టమొదటి మ్యాచ్‌లోనే 12 గోల్స్ కొట్టాడు, 108 పాయింట్లు. 98 మ్యాచ్‌లలో 537 గోల్స్ చేసి, 1954లో మోకాలు దెబ్బతిని, పాతికేళ్ళకే ఆట మానేశాడు.

మరి గోల్స్ కొట్టనివాళ్ళో? 1930లలో కాలింగ్‌వుడ్‌కి జాక్ రీగన్ అని వెనక కాపలా ఉండేవాడు. ఫుల్‌బ్యాక్‌లలో రాకుమారుడు అని ఆ రోజుల్లో పేరు. ఎదుటివాణ్ణి గోల్ కొట్టనివ్వకపోవడమే అతని పని. నా కాగితం మీద అతనికి సున్నా. జీలాంగ్‌కి పాలీ ఫార్మర్ ఉన్నాడు, నూంగర్ జాతి ఆదివాసి. హ్యాండ్‌బాల్ అంటే వేరే దారి లేనప్పుడు చేసే పని అనుకునే కాలంలో, దాన్నే ఎదురుదాడిగా మార్చి ఆట తీరునే మార్చేశాడు. 1962 నుంచి 1967 దాకా జీలాంగ్‌కి ఆడాడు. 1963లో వాళ్ళు కప్పు గెలిచారు. కానీ ఆ గెలిచిన ఏడాది అతను ఎన్ని హ్యాండ్‌బాల్‌లు వేశాడో లెక్క లేదు. ఏ పనికి ఆయన పేరు నిలిచిందో ఆ పనికే సున్నా.

అందరికంటే నన్ను ఆపింది డగ్ నికోల్స్. యోర్టా యోర్టా జాతి ఆదివాసి, అయిదడుగుల రెండంగుళాల మనిషి, గాలిలా పరిగెత్తేవాడు. 1927లో కార్ల్‌టన్‌కి వెళితే, ఒంటి రంగు చూసి నిలవనివ్వలేదు. చిన్న లీగ్‌లో నార్త్‌కోట్‌కి ఆడి పేరు తెచ్చుకుని 1932లో ఫిట్జ్‌రాయ్‌కి వచ్చాడు. అక్కడ మొదట్లో ఒంటరిగా కూర్చునేవాడట. లీగ్‌లోకెల్లా గొప్ప ఆటగాడికిచ్చే బ్రౌన్‌లో పతకం మూడుసార్లు గెలిచిన హేడన్ బంటన్ వచ్చి పక్కన చేరి స్నేహం చేశాడు. నికోల్స్ అంచున పరిగెత్తే వింగ్ ఆటగాడు, గోల్స్ అతని పని కాదు. కాబట్టి మా లెక్కలో అతనికీ దాదాపు ఏమీ రాదు. అదే మనిషి తర్వాత పాస్టర్ అయ్యాడు, తన జనం హక్కుల కోసం జీవితమంతా పనిచేశాడు, 1972లో సర్ బిరుదు పొందాడు, 1976లో దక్షిణ ఆస్ట్రేలియాకి గవర్నర్ అయ్యాడు. 2016 నుంచి లీగ్‌లో ఆదివాసి ఆటగాళ్ళని గౌరవించే రౌండ్‌కి ఆయన పేరే పెట్టారు. పేరు మీద ఒక రౌండే ఉన్న మనిషికి, మా ఫ్యాంటసీ రౌండ్‌లో మాత్రం పాయింట్లు లేవు.

మావాడికి ఇది చెప్పాను. వాడు "రూల్ రూలే మామా, నంబరు లేకపోతే పాయింటు లేదు" అన్నాడు. నాకు కోపం వచ్చింది. "నంబరు లేకపోవడం వాళ్ళ తప్పా? రాసుకోనివాళ్ళ తప్పు" అన్నాను. గ్రూపులో రెండు రోజులు వాదన నడిచింది. చివరికి ఒకరు మధ్యేమార్గం చెప్పారు. 1965కి ముందు ఆడి, గోల్స్ కొట్టడం పని కాని వాళ్ళందరికీ తలా 60 ఇద్దామని. సరే అన్నారు. నాకు మాత్రం తృప్తి లేదు. రీగన్‌కి 60, ఎవరికీ గుర్తులేని ఆటగాడికీ 60. అందరికీ ఒకే సగటు ఇస్తే మనిషి ఎవరో తెలియదు కదా. అయినా సున్నా కంటే నయమని ఒప్పుకున్నాను.

లెక్క ఎలా మొదలైందో వెతుకుతుంటే ఇంకో ముచ్చట దొరికింది. 1970 ఫైనల్‌కి 1,21,696 మంది వచ్చారు, ఈనాటికీ అదే రికార్డు. సగం ఆట అయ్యేసరికి కార్ల్‌టన్ 44 పాయింట్లు వెనక ఉంది. అప్పుడు బెంచి మీద కూర్చున్న టెడ్ హాప్కిన్స్ అనే కుర్రాణ్ణి దింపారు. నాలుగు గోల్స్ కొట్టాడు. కార్ల్‌టన్ 10 పాయింట్ల తేడాతో కాలింగ్‌వుడ్‌ని ఓడించింది. ఆ హాప్కిన్స్ తర్వాత ఎక్కువ కాలం ఆడలేదు. కానీ 1990లలో ఛాంపియన్ డేటా అనే కంపెనీ మొదలుపెట్టిన వాళ్ళలో ఆయన ఒకడు. మైదానంలో ప్రతి తాకిడినీ లెక్కపెట్టే కంపెనీ అది. ఇప్పటి ఫ్యాంటసీ ఆటలు నడిచేది వాళ్ళ అంకెల మీదే. సగం ఆట బయట కూర్చుని చూసినవాడికే, ఎవరు ఏం చేశారో రాసిపెట్టాలన్న ఆలోచన వచ్చింది అనిపించింది నాకు.

క్లబ్బుల సంగతి కూడా రెండు మాటలు. డబ్బు చాలక సౌత్ మెల్బోర్న్ 1982లో సిడ్నీకి తరలిపోయింది. ఏడుస్తూ వెళ్ళినవాళ్ళున్నారు, ఇక చూడం అని మానుకున్నవాళ్ళున్నారు. 2005లో సిడ్నీ 4 పాయింట్ల తేడాతో కప్పు గెలిచింది. 1933లో సౌత్ మెల్బోర్న్ గెలిచాక 72 ఏళ్ళకి అదే మొదటి కప్పు. ఆ 72 ఏళ్ళూ కలిపే లెక్కపెట్టారు, ఊరు మారిందని మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టలేదు. ఎనిమిది కప్పులు గెలిచిన ఫిట్జ్‌రాయ్ 1996లో పెర్త్‌లో ఆఖరి మ్యాచ్ ఆడి ఓడిపోయి, బ్రిస్బేన్‌తో కలిసిపోయింది. బ్రిస్బేన్ వాళ్ళు ఈనాటికీ సింహం గుర్తునీ, ఫిట్జ్‌రాయ్ పాట బాణీనీ వదల్లేదు. ఊరు విడిచి వందల ఏళ్ళ కింద వచ్చిన మనకి ఇది ఒకరు వివరించాల్సిన పని లేదు.

ఇప్పుడు మన పని. పోయిన నెల సంఘం పాత రిజిస్టర్లు తిరగేశాను. ఎవరు ఎంత చందా ఇచ్చారో పైసలతో సహా ఉంది. హాలుకి స్థలం కొన్నది, సున్నం వేయించింది, బెంచీలు చేయించింది, అన్నీ ఉన్నాయి. కానీ మా అందరికీ అ ఆలు నేర్పింది ఎవరు? మా వీధి చివరి ఇంటి అరుగు మీద సాయంత్రం పూట పిల్లల్ని కూర్చోబెట్టి, పైసా తీసుకోకుండా, పలక మీద చేయి పట్టి దిద్దించిన అత్తయ్యలు. ఉగాదికి రెండు వందల మందికి వంట చేసినవాళ్ళు. బడిలో తెలుగు సెక్షన్ తీసేస్తామంటే ఇల్లిల్లూ తిరిగి సంతకాలు తెచ్చినవాళ్ళు. రిజిస్టర్‌లో వాళ్ళకి ఒక్క గడి కూడా లేదు. గోల్స్ కొట్టినవాళ్ళ పేర్లు గోడ మీద రాయించాం. వెనక కాపలా కాసినవాళ్ళకి మాత్రం సున్నా వేశాం. మావాడి మీద కోప్పడిన నేనే, పదకొండేళ్ళు ఈ సంఘం కార్యదర్శిగా ఉండి, ఒక్క పేరు కూడా రాయలేదు. ఆ అత్తయ్యల్లో ఇద్దరి పూర్తి పేర్లు నాకే గుర్తు రావడం లేదు.

కాబట్టి మనవి. మీ ఇంట్లో పెద్దవాళ్ళని కూర్చోబెట్టి అడగండి. మీకు తెలుగు ఎవరు నేర్పారు, ఏ ఇంట్లో, ఏ ఏడు, ఎంతమంది కలిసి కూర్చునేవారు, పండగ వంట ఎవరి చేతి మీదుగా నడిచింది? కచ్చితమైన ఏడు తెలియకపోతే "ఫలానా తుఫాను వచ్చిన ఏడు" అని రాసినా చాలు. కాగితం మీద రాసి సంఘం ఆఫీసులో ఇవ్వండి, రాయలేనివాళ్ళు నాకు ఫోన్ చేస్తే నేనే వచ్చి రాసుకుంటాను. సగటు 60 వేసే అవసరం మనకి రాకూడదు.

అన్నట్టు పాతకాలం రౌండ్‌లో నా టీమ్ ఓడిపోయింది. ఫానింగ్‌ని కెప్టెన్‌గా పెట్టమని అందరూ చెప్పినా, నేను నికోల్స్‌ని పెట్టాను. 60కి రెట్టింపు 120 వచ్చింది. మావాడు ఇప్పటికీ నవ్వుతున్నాడు.