కట్టెల పొయ్యి పొగ, తెలుగు పల్లెల ఆడవాళ్ల ఆరోగ్యం: ఆధారాల పరిశీలన

కట్టెల పొగ ఆడవాళ్ల కళ్లనూ ఊపిరితిత్తులనూ పాడుచేస్తుందన్న మాట అందరూ ఒప్పుకునేదే. అయితే ఆ మాటకు తెలుగు నేల మీద దొరికిన ఆధారం ఎంత, అది ఏ జబ్బు విషయంలో ఎంతవరకు నిలుస్తుంది అన్నవి వేరు ప్రశ్నలు. వాటిని కలిపి చూడటం వల్లనే కొన్నిచోట్ల అతిశయోక్తి, మరికొన్నిచోట్ల అకారణ సందేహం చోటు చేసుకున్నట్టు కనిపిస్తుంది.

1. ముందుగా కళ్ల సంగతి.  హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1996-2000 మధ్య ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల అధ్యయనం జరిపింది. హైదరాబాద్, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో 10,293 మందిని పరీక్షించగా 1.84 శాతం మందిలో అంధత్వం ఉన్నట్టు అంచనా వేశారు. అందులో 44 శాతానికి కారణం శుక్లాలు. వయసు మళ్లినవారిలో, పేదల్లో, స్త్రీలలో, పల్లెల్లో ఉండేవారిలో అంధత్వం ఎక్కువగా కనబడింది.

చిక్కు ఇక్కడే ఉంది. పేదరికం, స్త్రీగా పుట్టడం, పల్లె నివాసం అన్న ఈ మూడూ కట్టెల పొయ్యి ముందు కూర్చునే మనిషి లక్షణాలు కూడా. చూపు పోయింది పొగ వల్లనా, పోషకాహారం లేకనా, ఎండలో కూలి పని వల్లనా, ఆపరేషన్‌కు ఎవరూ తీసుకువెళ్లక ఆలస్యం కావడం వల్లనా అన్నది ఈ లెక్కల నుంచి తేలదు. 1992-93 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఆధారంగా మిశ్రా, రెథర్‌ఫోర్డ్, స్మిత్ 1999లో ప్రచురించిన విశ్లేషణ ఒక అడుగు ముందుకు వేసింది. దేశంలో 30 ఏళ్లు దాటినవారి పూర్తి, పాక్షిక అంధత్వంలో 18 శాతానికి కట్టెలు, పిడకల వంటి వంటచెరకు కారణం కావచ్చని సూచించింది. కానీ ఆ సర్వేలో చూపు సంగతి ఇంటివాళ్లు చెప్పినదే తప్ప వైద్యుడు పరీక్షించి రాసినది కాదు. కనుక పొగకూ అంధత్వానికీ సంబంధం ఉండవచ్చు అనడానికి ఆధారం ఉంది, ‘ఇంత శాతం’ అని తెలుగు జిల్లాలకు లెక్క కట్టడానికి మాత్రం లేదు.

2. ఒంట్లోకి చేరే పొగ విషయంలో ఆధారం గట్టిది. చెన్నైలోని శ్రీరామచంద్ర వైద్య కళాశాలకు చెందిన కల్పనా బాలకృష్ణన్ బృందం అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని మూడు జిల్లాల్లో 412 పల్లె ఇళ్లలో గాలిని కొలిచి 2004లో ఫలితాలు ప్రచురించింది. సుమారు 1,400 మంది రోజులో ఏ వేళ ఎక్కడ గడిపారో కూడా నమోదు చేసింది. ఊపిరితో లోపలికి వెళ్లగల నుసి 24 గంటల సగటున గ్యాస్ వాడే ఇళ్లలో ఘనపు మీటరుకు 73 మైక్రోగ్రాములు ఉండగా, కట్టెలు, పిడకలు వాడే ఇళ్లలో అది 732 వరకు వెళ్లింది. అందరికంటే ఎక్కువ పొగ పీల్చినది వంట చేసే ఆడవాళ్లు, వారిలోనూ 15-40 ఏళ్లవారు. మగవాళ్లలో ఎక్కువగా పీల్చినది 65-80 ఏళ్ల వృద్ధులు, బహుశా ఇంటిపట్టునే ఉండటం వల్ల. వంటచెరకు రకం ఒక్కటే కాదు, వంటిల్లు ఎలాంటిది, ఎంత మంట పెట్టారు అన్నవీ ఈ తేడాకు కారణమయ్యాయి. ఈ కొలత నేటి పీఎం 2.5 కొలతతో అచ్చంగా ఒకటి కాదు. అందుచేత ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన 24 గంటల పరిమితి 15తో దీన్ని నేరుగా భాగించి ‘ఇన్ని రెట్లు’ అనడం సరికాదు. అయినా గ్యాస్ ఇంటికీ కట్టెల ఇంటికీ మధ్య పది రెట్ల తేడా ఒకే పద్ధతిలో కొలిచి తేల్చినదే.

3. కొలత నుంచి జబ్బుకు వచ్చేసరికి ఫలితాలు ఒకే దారిన నడవవు. హైదరాబాద్ దగ్గరి 28 గ్రామాల్లో 3,717 మంది ఎముకలను పరిశీలించి 2020లో ప్రచురించిన అధ్యయనంలో 57.8 శాతం మంది ఇళ్లలో కట్టెలు, పిడకల వంటివే వంటచెరకు. బయటి గాలిలో నుసి ఎక్కువైన చోట ఎముకల్లో ఖనిజం తగ్గినట్టు తేలింది. వంటచెరకుతో మాత్రం అలాంటి సంబంధం కనిపించలేదు. క్యాన్సర్ విషయంలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2010లో ఇళ్లలో కాల్చే బొగ్గు పొగను క్యాన్సర్ కారకంగా, కట్టెల వంటి వాటి పొగను ‘బహుశా’ కారకంగా వేర్వేరు తరగతుల్లో పెట్టింది. ఆ ‘బహుశా’ను తీసేసి రాయడం పత్రికల్లో తరచుగా జరిగే పొరపాటు.

4. నివారణ చరిత్రలోనూ తేదీలు కొంత చిక్కు పెడతాయి. పొగలేని పొయ్యికి మూలం 1947 నాటి మగన్ చూల్హా అని చెప్పడం పరిపాటి. హైదరాబాద్ ఇంజినీరింగ్ పరిశోధనాలయం పేరు మీద వచ్చిన ‘హెర్ల్’ పొయ్యిని వివరిస్తూ ఎస్.పి. రాజు రాసిన పుస్తకం 1953లో వెలువడింది. పుస్తకం తేదీ పొయ్యి పుట్టిన తేదీ కాదు కనుక ఏది ముందో వీటిని బట్టి తేల్చలేము. ఆడవాళ్ల పొగ బాధను ఇంజినీరింగ్ సమస్యగా చూసిన తొలి ప్రయత్నాల్లో ఒకటి హైదరాబాద్‌లో జరిగిందన్నంత వరకు చెప్పవచ్చు. ఆ గౌరవం రాజుకు దక్కవలసినంతగా దక్కలేదు.

తర్వాత 1980లలో మొదలై 2002లో ముగిసిన జాతీయ మెరుగైన పొయ్యిల కార్యక్రమం మూడు కోట్లకు పైగా పొయ్యిలు పెట్టినట్టు లెక్క చూపింది. పెట్టిన పొయ్యిలో ఎన్నాళ్లు వండారన్నది ఆ లెక్కలో లేదు. దాని ప్రాముఖ్యం ఒడిశాలో సుమారు 2,600 కుటుంబాల మీద హన్నా, డఫ్లో, గ్రీన్‌స్టోన్ జరిపిన అధ్యయనంలో తెలిసింది. మొదటి ఏడాది పీల్చే పొగ తగ్గింది. ఆ తర్వాత పొయ్యిల మరమ్మతు, వాడకం రెండూ సడలడంతో ఆ లాభం నిలవలేదు.

5. గ్యాస్ విషయమూ ఇందుకు భిన్నం కాకపోవచ్చు. 1999లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీపం పథకం కింద పొదుపు సంఘాల మహిళల తరఫున కనెక్షన్ డిపాజిట్ కట్టింది. సిలిండర్ నింపించుకునే ఖర్చు మాత్రం వాళ్లదే. గ్యాస్ వచ్చినా చాలా ఇళ్లలో కట్టెలు పోలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 84 శాతం, తెలంగాణలో 92 శాతం ఇళ్లు అప్పటికి స్వచ్ఛమైన వంట ఇంధనం వాడుతుండేవి. సర్వే అడిగేది ప్రధానంగా వాడే ఇంధనం గురించి. స్నానాల నీళ్ల కాగు కింద పత్తి కట్టె మండే ఇల్లు కూడా ఈ లెక్కలో గ్యాస్ ఇల్లే.

6. ప్రతికూలంగా కనిపించే ఒక ఫలితాన్నీ దాచకూడదు. తమిళనాడు, గ్వాటెమాలా, పెరూ, రువాండాల్లో 3,200 మంది గర్భిణులతో జరిగిన ‘హేపిన్’ పరీక్షలో కొందరికి 18 నెలలు ఉచితంగా గ్యాస్ ఇచ్చారు. గర్భకాలంలో వాళ్లు పీల్చే నుసి సుమారు 24 మైక్రోగ్రాములకు తగ్గింది. మిగతావారిలో అది 71. అయినా 2022లో ప్రచురించిన ఫలితాల్లో శిశువుల పుట్టుక బరువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. దీన్ని పొగకు నిర్దోషిత్వ పత్రంగా చదవడం తప్పు. గర్భం దాల్చాక కొన్ని నెలల మార్పును చూసిన పరీక్ష, పన్నెండేళ్ల వయసు నుంచి ఊదుగొట్టం పట్టిన మనిషి ఊపిరితిత్తుల గురించి తీర్పు చెప్పజాలదు.

7. పై ఆధారాలను బట్టి చూస్తే, ఇకపై కొలవవలసినది కనెక్షన్లను కాదు, ఇంటింటి వాడకాన్ని. 2024 నవంబరు 1న శ్రీకాకుళం జిల్లా ఈదుపురంలో ప్రారంభమైన దీపం-2 కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం, అంటే 42.6 కిలోల గ్యాస్. పూర్తిగా గ్యాస్ మీదే వండుకునే కుటుంబానికి ఇది ఏడాది పొడుగునా సరిపోదు. నాలుగో సిలిండర్ ఏ ఇళ్లు కొంటున్నాయో, ఏవి కొనడం లేదో పంపిణీదారుల పుస్తకాల్లో ఉంటుంది. కొనని ఇళ్లలోని ఆడవాళ్లకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఊపిరితిత్తుల పరీక్ష, శుక్లాల పరీక్ష ముందుగా చేయించడానికి ఆ పుస్తకాలు చాలు.