నలుపు ఫొటోదా, మనిషిదా?



మా అమ్మమ్మ చెల్లెలికి సంబంధాలు చూసే రోజుల్లో ఒక ఫొటో తీయించారట. స్వాతంత్ర్యం రాకముందు మాట. వాళ్ళది నెల్లూరు జిల్లాలో మైపాడు దగ్గర పల్లె. ఫొటోగ్రాఫరు పట్నం నుంచి వచ్చి, మిట్టమధ్యాహ్నం పెరట్లో తెల్లదుప్పటి కట్టి, దాని ముందు కుర్చీలో కూర్చోబెట్టాడు. తెల్లచీర, ముఖాన కుంకుమబొట్టు. తీరా ఫొటో వచ్చాక చూస్తే చీర సున్నం కొట్టినట్టుంది, ముఖం మసిబొగ్గు! బొట్టు కూడా నల్లచుక్కే. "పిల్ల నలుపు" అని మగపెళ్ళివారు ఫొటో తిప్పి పంపేశారు. మనిషిని చూడనే లేదు. డెబ్భై దాటినా ఆవిడ ఆ మాట మరిచిపోలేదు.

నలుపైతే మాత్రం తప్పేముందండీ? అది వేరే సంగతి. కాని ఆ నలుపు ఆవిడది కానే కాదు. దాని వెనక పెద్ద కథే వుంది.

ఫొటో పలక మీద వెండి లవణాలు పూస్తారు. వెలుతురు సోకినచోట, డెవలపరు అనే మందునీళ్ళలో వేసినప్పుడు నల్లబడుతుంది. అదే నెగెటివు. కాగితం మీద అచ్చు వేస్తే నలుపు తెలుపుగా, తెలుపు నలుపుగా మారుతుంది. ఐతే తొలినాటి పలకలకు నీలివెలుగే బాగా తెలిసేది. పసుపూ ఎరుపూ వాటికి చీకటితో సమానం. నీలిచీర తెల్లగా, పసుపు రాసుకున్న ముఖం నల్లగా వచ్చేవి! 1873లో జర్మనీలో ఫోగెల్ అనే ఆచార్యుడు వెండి లవణాలకు రంగుమందులు కలిపి, ఆకుపచ్చా పసుపూ కూడా పట్టించే దారి చూపించాడు. అలా వచ్చినవే ఆర్థో పలకలు. ఎరుపు మాత్రం వాటికీ పట్టదు. అన్ని రంగులూ పట్టే పాన్‌క్రోమాటిక్ పలకలు 1906లో ఇంగ్లండులో అమ్మకానికి వచ్చాయి.

మన దేశంలో ఆడవాళ్ళ ఫొటోలకు మరో చిక్కు కూడా వుండేది, ఘోషా. హైదరాబాదులో ఆరవ నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫరు రాజా దీన్‌దయాళ్ 1892లో స్త్రీల కోసమే జెనానా స్టూడియో తెరిచారు. చుట్టూ ఎత్తయిన గోడలు. లోపల కెమెరా పట్టింది శ్రీమతి కెన్నీ లెవిక్ అనే ఆంగ్లేయ వనిత.

ఇక అసలు విషయం. వెలుతురు ఎంతసేపు సోకనివ్వాలి, మందులో ఎంతసేపు వుంచాలి? చాలాకాలం ఇది చేతివాటమే. 1890లో ఇంగ్లండులో హర్టర్, డ్రిఫీల్డ్ అనే ఇద్దరు మిత్రులు, పలకకు సోకిన వెలుతురుకూ అది నల్లబడటానికీ వున్న లెక్కను కొలిచి ప్రకటించారు. తర్వాత ఫొటోగ్రాఫర్లు నేర్చుకున్న సూత్రం ఇది: నీడలకు సరిపడా వెలుతురు ఇవ్వు, తెలుపు చూసి డెవలప్ చెయ్యి. ముఖంలోని నీడలు పలక మీద పడకపోతే మందు వాటిని పుట్టించలేదు. పప్పు వేయకుండా ఎంతసేపు ఉడకబెడితే మాత్రం పప్పవుతుందా? మందులో ఎక్కువసేపు వుంటే తెల్లచీర ఇంకా తెల్లబడి, ముఖానికీ చీరకీ మధ్య తేడా పెరుగుతుంది, అంతే. పాకం లాంటిదే ఇదీ. తీగపాకం దగ్గర దించకపోతే ముదిరిపోతుంది.

మన కోస్తా ఎండ ఈ చిక్కును ఇంకా పెంచింది. మందునీళ్ళకు 20 డిగ్రీల సెంటిగ్రేడు వేడి మేలని లెక్క. మే నెలలో నెల్లూరు ఎండ 40 దాటుతుంది! నీళ్ళు వేడెక్కితే మందు త్వరగా పనిచేస్తుంది, పలక మీది జెలటిన్ పూత మెత్తబడి అంచులు లేచిపోతాయి. అందుకే రాత్రి చల్లబడ్డాక కడగటం, మందు గిన్నె చుట్టూ ఐసుముక్కలు పెట్టడం, పూత గట్టిపడటానికి పటికజాతి ఉప్పు వాడటం. ఆర్థో పలకలనైతే ఎర్రదీపం వెలుతుర్లో కంటితో చూస్తూ కడగవచ్చు. పాన్‌క్రోమాటిక్‌కు ఆ దీపం కూడా పనికిరాదు, చిమ్మచీకటే. ఇక గడియారాన్నీ, థర్మామీటరునూ నమ్ముకోవాల్సిందే.

ఇప్పుడు చిన్నమ్మమ్మ ఫొటో చూడండి. బొట్టు నల్లగా వచ్చిందంటే ఎరుపు పట్టని పలక. తెల్లచీర, తెల్లదుప్పటి చూసి వెలుతురు తగ్గించి వుంటాడు. నడినెత్తి ఎండకు కళ్ళకింద నీడలు. పైగా వేడినీళ్ళలో మందు ముదిరింది. అన్నీ కలిసి ఒక ఆడపిల్లకు "నలుపు" అని పేరుపెట్టాయి.

అదే విద్య తెలిసినవారి చేతిలో పడితే ఎంత అందమో! 1957లో వచ్చిన "మాయాబజార్"లో నౌకావిహారం పాట గుర్తుందా? ఆ వెన్నెలంతా ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే నలుపు తెలుపుల్లో సృష్టించిందే. వెన్నెల లేకుండానే వెన్నెల తెచ్చారాయన. వున్న ఛాయను పోగొట్టిందీ ఆ విద్యే.

మీ ఇంట్లోనూ పాత ఆల్బం వుండే వుంటుంది. అందులో అమ్మమ్మలు, నాయనమ్మలు నల్లగా కనిపిస్తే, వారిని చూసినవాళ్ళు ఇంకా వుండగానే అడిగి, ఫొటో వెనక రాసిపెట్టండి, అసలు ఛాయ ఏదో, ఆ రోజు కట్టుకున్న చీర రంగేదో. నెగెటివు వుంటే వేళ్ళు తగలకుండా తేమలేని చోట దాచండి. పెళ్ళిసంబంధం చూసేటప్పుడు మాత్రం ఫొటోను కాదు, మనిషిని చూడండి.