పీల్చే గాలిలో రొయ్య: ప్రాసెసింగ్ కేంద్రాలలో అలర్జీ కారకాల కొలత – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

రొయ్యలు, పీతలు ఒలిచే, ఉడికించే కేంద్రాల గాలిలో తేలియాడే అలర్జీ కారకాలను కొలిచే పద్ధతులు గత శతాబ్ది ద్వితీయార్ధంలో రూపొందాయి. ఆ పరిణామ క్రమాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. ఈ కొలతకు ఆధారమైన అణువును గుర్తించడంలో భారతీయ ప్రయోగశాల కీలకపాత్ర వహించింది. అయినా ఆ జ్ఞానం తినేవారి రక్షణకు శాసనరూపం పొందినంతగా ఒలిచేవారి రక్షణకు పొందలేదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. మంచినీటి రొయ్యల పెంపకం ప్రవేశించిన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతానికి ఈ చరిత్ర ఎందుకు అవసరమో చర్చిస్తుంది.

కీలక పదాలు: వృత్తిజన్య ఉబ్బసం, రొయ్య, ట్రోపోమయోసిన్, గాలి నమూనా, కృష్ణాతీరం, శ్రామిక ఆరోగ్యం.

1. ఉపోద్ఘాతం

ఒక పదార్థం తిన్నప్పుడు ఒంటిమీద దద్దుర్లు లేస్తే, ఆయాసం వస్తే, తెలుగువారు దానిని ‘పడదు’ అన్న ఒక్క మాటతో చెప్తారు. వంకాయ పడదు, రొయ్య పడదు అనడం నిత్యవ్యవహారం. ఈ మాట ప్రధానంగా తినేవారికి సంబంధించినది. రొయ్యను నోట పెట్టకుండానే, రోజంతా దాని తల తీసి, పొట్టు ఒలిచినందువల్ల దగ్గు, ఉబ్బసం పట్టుకున్న మనిషి విషయంలో ఈ మాట తొందరగా స్ఫురించదు. ఆ దగ్గును చలికో, దుమ్ముకో, పొగకో అంటగట్టడమే పరిపాటి. కారణం కంటికి కనిపించనిది కావడమే ఇందుకు మూలం. కనిపించని దానిని సాక్ష్యంగా నిలబెట్టగలిగేది కొలత.

ఈ సమస్య సముద్రతీరానికే పరిమితమైనదిగా తోచవచ్చు. కాని కృష్ణానది గద్వాల, వనపర్తి జిల్లాల నడుమ జూరాల జలాశయంగా నిలిచి, దిగువన నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్ ప్రాంతంలో శ్రీశైలం వెనుకజలాలుగా విస్తరిస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2016–17లో ఉచిత చేపపిల్లల పంపిణీని, మరుసటి సంవత్సరం నుంచి జలాశయాలలో మంచినీటి రొయ్యపిల్లలను వదిలే కార్యక్రమాన్ని చేపట్టింది. దీనితో రొయ్య రాష్ట్రంలోని మత్స్యకారుల జీవికలో భాగం కాసాగింది. రొయ్య వచ్చిన చోటికి, నేడో రేపో, దానిని ఒలిచే పని కూడా వస్తుంది.

2. వ్యాధి గుర్తింపు: తొలి ఆధారాలు

జలచరాలను పట్టేవారికి, శుభ్రం చేసేవారికి వచ్చే అలర్జీని గురించిన తొలి వైద్య నివేదికలలో 1937 నాటి డి బెషే రచన ముఖ్యమైనది. కాడ్ చేపను ముట్టుకున్నంత మాత్రాననే ఉబ్బసానికి గురైన ఒక జాలరిని గురించి అందులో వివరణ ఉన్నది. రెండవ ప్రపంచయుద్ధానంతరం జపాన్‌లోని హిరోషిమా ప్రాంతంలో ఆల్చిప్పలు ఒలిచే శ్రామికులలో ఉబ్బసం విస్తృతంగా కనిపించింది. ఆల్చిప్పల కవచానికి అంటిపెట్టుకొని పెరిగే ‘హోయా’ అనే సముద్రజీవి ద్రవం, చిప్పను కొట్టినప్పుడు తుంపరలుగా లేచి శ్వాసలోకి పోవడమే దానికి కారణమని అక్కడి వైద్యులు నిర్ధారించారు. వ్యాధికి మూలం శ్రామికుని తిండిలో కాక పనిచేసే తీరులో ఉండగలదని ఈ ఉదంతం స్పష్టం చేసింది.

1980లో గాడీ, ఆయన సహచరులు ‘లాన్సెట్’ పత్రికలో స్కాట్లాండ్ రొయ్యల శ్రామికులపై వ్యాసం ప్రచురించారు. అక్కడ రొయ్య మాంసాన్ని పెంకునుంచి వేరుచేయడానికి పీడనంతో కూడిన గాలిని ఊదేవారు. పరిశీలించిన శ్రామికులలో మూడింట ఒక వంతుకు పైగా శ్వాస లక్షణాలు కనిపించాయి. 1984లో కెనడాలోని క్యుబెక్‌కు చెందిన కార్టియే, మాలో బృందం మంచుపీతల ప్రాసెసింగ్‌లో ఉన్న 303 మందిని పరిశీలించి, సుమారు 15 శాతం మందిలో వృత్తిజన్య ఉబ్బసాన్ని నిర్ధారించింది. పీతలు ఉడికించిన నీటి ఆవిరిని పీల్చినప్పుడు కొందరి శ్వాసనాళాలు బిగుసుకుపోవడాన్ని వారు నియంత్రిత పరీక్షల ద్వారా చూపారు. వంటలో ఉడికితే దోషం పోతుందనే సాధారణ విశ్వాసం ఇక్కడ చెల్లలేదు.

3. కొలతకు దారితీసిన మూడు పాయలు

రోగిని పరీక్షించి రోగముందని చెప్పడం ఒకటి, గాలిని పరీక్షించి రోగకారకం ఇంత ఉన్నదని చెప్పడం మరొకటి. రెండవది సాధ్యం కావడానికి మూడు వేర్వేరు రంగాలలో జరిగిన కృషి కలవవలసి వచ్చింది.

మొదటిది గాలి సేకరణ. 1960లో బ్రిటన్‌లోని హార్వెల్ అణుశక్తి కేంద్రంలో షెర్‌వుడ్, గ్రీన్‌హాల్ష్ అనే శాస్త్రజ్ఞులు శ్రామికుడు ఒంటిపై ధరించగలిగిన చిన్న నమూనా పరికరాన్ని వర్ణించారు. అప్పటివరకు గది మూలన యంత్రం ఉంచి గాలిని కొలిచేవారు. ఈ పరికరంతో కొలత శ్రామికుని ముక్కు దగ్గరకు చేరింది.

రెండవది గుర్తింపు సాధనం. అలర్జీకి కారణమయ్యే ఇమ్యునోగ్లోబులిన్–ఇ అనే ప్రతిదేహాన్ని 1960ల ఉత్తరార్ధంలో కనుగొన్నారు. దానిని రక్తంలో కొలిచే రాస్ట్ పరీక్ష 1967లోను, ఎలీసా పద్ధతి 1971లోను, ఏకరూప ప్రతిదేహాలను తయారుచేసే విధానం 1975లోను వచ్చాయి. అలర్జీ ఉన్నవారి రక్తరసమే అలర్జీ కారకాన్ని వెదికే సాధనమయింది.

మూడవది వెదకవలసిన అణువు. ఇక్కడ బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ కృషి ప్రత్యేకంగా స్మరణీయం. జీవరసాయన శాఖకు చెందిన పి.వి. సుబ్బారావు, నాగ్‌పాల్ తదితరులు 1989లో భారతీయ తెల్ల రొయ్య నుంచి వేడికి చెడని అలర్జీ కారకాలను వేరుచేశారు. 1993లో శాంతి ప్రథమ రచయిత్రిగా వెలువడిన వ్యాసంలో రొయ్యలోని ప్రధాన అలర్జీ కారకం ట్రోపోమయోసిన్ అనే కండర మాంసకృత్తి అని నిరూపించారు. మరుసటి సంవత్సరమే అమెరికాలోను, హాంకాంగ్‌లోను ఇతర జాతుల రొయ్యలపై జరిగిన పరిశోధనలు ఈ నిర్ణయాన్ని బలపరిచాయి. రొయ్యలు, పీతలన్నిటిలో ఈ మాంసకృత్తి నిర్మాణం చాలావరకు ఒకేలా ఉంటుంది. క్యుబెక్‌లో ఉడికిన నీటి ఆవిరి ఎందుకు ప్రమాదకరమైనదో దీనివల్ల అణుస్థాయిలో అవగతమైంది.

4. గాలిని లెక్కించిన విధం

పద్ధతి సూత్రప్రాయంగా సులభమైనదే. శ్రామికుని నడుముకు చిన్న పంపు, భుజం దగ్గర వడపోత పత్రం అమరుస్తారు. పంపు నిమిషానికి సుమారు రెండు లీటర్ల చొప్పున గాలిని లాగుతుంది. పని ముగిశాక పత్రంపై చిక్కినదానిని ద్రావణంలోకి తీసి, ప్రతిదేహాలతో పరీక్షించి, ఘనపు మీటరు గాలిలో ఎన్ని నానోగ్రాముల అలర్జీ కారకం ఉన్నదో గణిస్తారు. నానోగ్రాము అంటే గ్రాములో వందకోట్ల వంతు. తూకానికి అందనిది ప్రతిదేహానికి అందుతుంది.

1997లో మాలో బృందం, అమెరికాకు చెందిన లేరర్ సహకారంతో, మంచుపీతల కేంద్రపు గాలిలో పీత ప్రతిజనకాలను నేరుగా గుర్తించింది. 1999లో వేయ్‌ట్యెన్స్ తదితరులు, 2002లో బోడే తదితరులు ఈ కృషిని కొనసాగించారు. బోడే బృందం ఐదు పీతల ప్రాసెసింగ్ నౌకలలో కొలతలు తీసింది. 2001లో బ్రిటన్‌లో గ్రిఫిన్ బృందం ఏకరూప ప్రతిదేహాల సాయంతో రొయ్యల శ్రామికుల వ్యక్తిగత మోతాదును లెక్కించింది. 2014లో కామత్, లోపాటా తదితరులు నార్వే పీతల కేంద్రాల గాలిలో ట్రోపోమయోసిన్‌ను ప్రత్యేకంగా కొలిచారు. గాలిలో మొత్తం మాంసకృత్తి ఎంతన్నది తెలిసినంత మాత్రాన అలర్జీ కారకం ఎంతన్నది తెలియదు. అందువల్లనే అణువును పేరుపెట్టి వెదకడం అవసరమైంది.

ఇదే కాలంలో దక్షిణాఫ్రికాకు చెందిన జీభాయ్, సహరచయితలు 2001లో వెలువరించిన సమీక్ష ప్రపంచవ్యాప్త అధ్యయనాలను క్రోడీకరించింది. ఈ రంగంలో వృత్తిజన్య ఉబ్బసం 7 నుంచి 36 శాతం వరకు, చర్మవ్యాధి 3 నుంచి 11 శాతం వరకు నమోదైనట్లు పేర్కొన్నది. అధ్యయనాల మధ్య ఇంత వ్యత్యాసానికి జలచర జాతి, పని విధానం, గాలి ప్రసరణ, వ్యాధి నిర్వచనం అన్నీ కారణాలే. కొలత ప్రయోజనం ఇక్కడే ఉన్నది. ఏ బల్ల దగ్గర, ఏ పనిలో తుంపర ఎక్కువగా లేస్తున్నదో తెలిస్తే, అక్కడే ఆవిరిని బయటకు లాగే గొట్టం పెట్టవచ్చు, గాలితో ఊదే పనిని నీటితో చేయవచ్చు.

5. ఆంధ్రతీరం: కొలిచినది ఏది?

1980ల చివర టైగర్ రొయ్య, 2009 తరువాత వనామి రొయ్య ఆంధ్రప్రదేశ్‌ను దేశంలో రొయ్యల ఉత్పత్తికి అగ్రస్థానంలో నిలిపాయి. విశాఖపట్నం, కాకినాడ, భీమవరం, నెల్లూరు పరిసరాలలో ప్రాసెసింగ్ కేంద్రాలు వెలిశాయి. తల తీయడం, పొట్టు ఒలవడం, నరం తీయడం వంటి పనులలో అత్యధికులు మహిళలు.

ఈ పరిశ్రమలో కొలతలకు కొదవ లేదు. 1997లో పరిశుభ్రతా లోపాల కారణంగా ఐరోపా సమాజం భారతీయ సముద్రోత్పత్తులను నిషేధించిన తరువాత, ఎగుమతి కేంద్రాలు తమ వ్యవస్థను సమూలంగా మార్చుకున్నాయి. నీరు, మంచు, సూక్ష్మక్రిములు, ఉష్ణోగ్రత, ఆపైన యాంటిబయాటిక్ అవశేషాలు అన్నీ లెక్కలోకి వచ్చాయి. ఒలిచే పని క్రమంగా పీలింగ్ షెడ్ల నుంచి మూసిన చల్లని గదులలోకి చేరింది. రొయ్యకు ఇది మేలు చేసింది. కాని బయటిగాలి తక్కువగా వచ్చే గదిలో, నేలను, బల్లలను పీడనపు నీటితో కడిగేటప్పుడు లేచే తుంపర అక్కడే తిరుగుతుంది. సరుకుకు రక్షణ అయిన గోడలే ఒలిచేవారికి బంధనం కాగలవు.

వినియోగదారుని విషయంలో చట్టం స్పష్టంగా మాట్లాడింది. అమెరికా 2004 చట్టం పెంకుజీవులను ఎనిమిది ప్రధాన అలర్జీ ఆహారాలలో చేర్చి, పొట్లంపై పేర్కొనడం తప్పనిసరి చేసింది. భారతదేశపు 2020 లేబులింగ్ నిబంధనలు కూడా ఆ మార్గాన్నే అనుసరించాయి. శ్రామికుని విషయంలో 1948 ఫ్యాక్టరీల చట్టం 14వ సెక్షన్ దుమ్ము, పొగ, ఇతర మలినాలు హానికరమైన స్థాయిలో వెలువడితే వాటిని పీల్చకుండా చర్యలు తీసుకోవాలని ఆదేశించింది. హానికరమైన స్థాయి ఏదో నిర్ణయించే అంకె లేనిచోట ఆ ఆదేశం మాటగానే మిగిలిపోతుంది. బెంగళూరులో భారతీయ రొయ్య నుంచి తీసిన అణువు విదేశీ వినియోగదారుని హెచ్చరికకు శాస్త్రీయ పునాది అయింది. ఆ రొయ్యను ఒలిచే చేతుల దగ్గరకు మాత్రం అదే తీరున చేరలేదు.

6. కృష్ణాతీర పాలమూరుకు పాఠం

గద్వాల ప్రాంతం పత్తి విత్తనోత్పత్తికి ప్రసిద్ధి. పత్తి దుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల వ్యాధి బిసినోసిస్‌కు భారతీయ పరిహార చట్టపు షెడ్యూలులో స్థానమున్నది. దుమ్ము కంటికి కనిపిస్తుంది, దాని చరిత్ర మిల్లుల కార్మికోద్యమాలతో ముడివడినది. రొయ్య తుంపర కనిపించదు, ఆరగానే మాయమవుతుంది. అందువల్ల దాని విషయంలో అనుభవం ఒక్కటే సాక్ష్యంగా చాలదు.

జలాశయాలలో వదిలే మంచినీటి రొయ్యలలో ప్రధానమైన నీలకంఠ రొయ్యలో కూడా ట్రోపోమయోసిన్ అలర్జీ కారకంగా గుర్తింపు పొందినదే. నీరు ఉప్పనిదైనా తియ్యనిదైనా ఆ మాంసకృత్తి స్వభావం మారదు. పైగా పాలమూరు వలస కార్మికుల చరిత్రకు నెలవు. పనికోసం ఊరు విడిచి వెళ్లిన మనిషి మరొకచోట పీల్చిన గాలి ఫలితం సొంత ఊళ్లో దగ్గుగా బయటపడవచ్చు. అప్పుడు వైద్యుడు ‘ఏం తిన్నారు?’ అని అడిగి ఊరుకుంటే కారణం తెలియదు. ‘ఏం పని చేశారు?’ అని కూడా అడగాలి.

7. ముగింపు

గాలిలోని రొయ్య అలర్జీ కారకాల కొలత చరిత్ర మూడు విషయాలను నిరూపిస్తున్నది. ఒకటి, వ్యాధి మూలం పదార్థంలోనే కాక పని తీరులోనూ ఉన్నది. రెండు, ఉడికించినంత మాత్రాన ఆ మూలం నశించదు. మూడు, కొలిచే శక్తి ఉండడం వేరు, ఎవరికోసం కొలవాలన్న నిర్ణయం వేరు. మొదటి రెండింటిని ప్రయోగశాలలు తేల్చాయి. మూడవది సమాజం తేల్చవలసినది. పాలమూరు జలాశయాల ఒడ్డున రొయ్యల పరిశ్రమ ఇంకా బాల్యదశలోనే ఉన్నందున, ఒలిచే బల్లతోపాటే గాలిని కొలిచే పంపును కూడా ప్రణాళికలో చేర్చుకునే అవకాశం ఈ ప్రాంతానికి ఉన్నది. తీరప్రాంతంలో గోడలు కట్టిన తరువాత అడగవలసి వచ్చిన ప్రశ్నను, ఇక్కడ గోడలు లేవకముందే అడగవచ్చు.